జానపదగేయము – కర్తృత్వ విచారము: ఎలిజబెత్ కాటన్ పాటలు

జానపదగేయమునకు లక్షణము చెప్పువారు తఱచుగా పేర్కొను వానిలో అజ్ఞాతకర్తృకత్వ మొకటి. పాట కట్టిన వారెవరో తెలియదు, అది జనుల నోళ్లలో నాని జనుల సొత్తై నిలిచినది అనుట పరిపాటి. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' 1958లో ప్రకటితమైన నాటినుండి తెలుగున ఈ శాఖయందు కృషి విరివిగా సాగినది. సేకరణము పెరిగినకొలది లక్షణములను మఱల పరీక్షించుకొనుట శాస్త్రధర్మము. కర్త తెలియకుండుట పాటయందలి గుణమా, లేక పాటను గ్రహించిన వారి యెఱుకలోని కొఱతయా అను ప్రశ్నను ఇచ్చట విచారింపదలచితిమి. ఇందులకు అమెరికా దేశపు గిటారు వాదకురాలు, గేయకర్త్రి అగు ఎలిజబెత్ కాటన్ (1893–1987) చరిత్రను నిదర్శనముగా గైకొనుచున్నాము. పరదేశపు నిదర్శనమేల అని అడుగవచ్చును. ఒక పాట కర్తకు దూరమగుటయు, మఱల కర్తను చేరుటయు ఆమె విషయమున సంవత్సరములతో సహా తెలియవచ్చుచున్నవి. ఇట్టి సౌలభ్యము జానపద విద్యార్థికి అరుదుగా లభించును.

ఎలిజబెత్ ఉత్తర కరొలైనా రాష్ట్రమున, చాపెల్ హిల్ ప్రక్కనున్న కార్‌బరో ప్రాంతమున, నల్లజాతి శ్రామిక కుటుంబమున 1893 జనవరి 5న జన్మించెను. పుట్టింటిపేరు నెవిల్స్. అన్న పనికి పోయినపుడు అతని బాంజోను రహస్యముగా తీసి వాయించుటయే ఆమె తొలి సంగీతాభ్యాసము. చిన్ననాడే బడి మాని పరుల యిండ్లలో పనికి కుదిరి, నెలకు 75 సెంట్ల జీతమున కూడబెట్టి, 3 డాలర్ల 75 సెంట్లకు ఒక గిటారు కొనెను. అనగా ఆ వాద్యము వెల ఐదునెలల జీతము. పిన్నవయసుననే ఫ్రాంక్ కాటన్‌ను వివాహమాడెను; లిలీ యను కుమార్తె కలిగెను. లౌకిక గానము తగదని చర్చి పెద్దలు మందలింపగా, సంసారభారము తోడుకాగా, గిటారు మూలబడినది. ఆ మౌనము దశాబ్దముల పర్యంతము సాగెను.

ఆమె వాదనరీతి సంగీతజ్ఞులకు మిక్కిలి ఆసక్తి గొలుపునది. గిటారునకు సాధారణముగా ఆఱు తంత్రులు. కుడిచేతివాటము వారు పట్టినపుడు మంద్రతంత్రులు పైనను, తారతంత్రులు క్రిందను ఉండును. బొటనవ్రేలు మంద్రమును, తక్కిన వ్రేళ్లు పాటను పలికించును. ఎడమచేతివాటము వారు తంత్రుల వరుసను మార్చి కట్టుకొనుట వాడుక. ఎలిజబెత్‌ది ఎడమచేతివాటము. అన్నకు తెలియకుండ తీసిన బాంజోకు తంత్రులు మార్చి కట్టుట పొసగదు. కావున వాద్యమునే త్రిప్పి పట్టెను. గిటారు కొన్న పిమ్మటను ఆ పద్ధతినే నిలుపుకొనెను. తత్ఫలితముగా మంద్రము చూపుడువ్రేలికిని, పాట బొటనవ్రేలికిని వచ్చినవి. బలమైన బొటనవ్రేలు పాటను మోయుటచే స్వరములు నిండుగా స్ఫుటముగా వినిపించును. మంద్రము బరువు తగ్గి మెత్తని నడకవలె సాగును. ఈ రీతికి 'కాటన్ పికింగ్' అను పేరు నిలిచినది. దీనిని కొందఱు లోపమునుండి పుట్టిన వింతగా వర్ణింతురు. అది సమంజసము కాదు. మంద్రమును సమకాలమున నడపుచు దానిపై పాటను అల్లు పద్ధతి ఆ పీడ్‌మాంట్ ప్రాంతమున అందఱిదియే. దానిని వ్రేళ్ల మధ్య వేఱుగా పంచుకొనుట మాత్రమే ఆమెది. సంప్రదాయమెంత, వ్యక్తి యెంత అను ప్రశ్నకు ఆమె చేతులయందే సమాధానము కలదు.

ఆమెపై ప్రసరించిన ప్రభావములు బహువిధములు: ఇంటి బాంజో, చర్చి కీర్తనలు, రాగ్‌టైమ్ నడకలు, ఆ కాలమున గృహస్థుల కూటములలో వాయించుకొను గిటారు కృతులు. ఈ చివరిదానియందు మన ప్రశ్నకు సంబంధించిన విషయమొకటి కలదు. ఆమె వాయించిన 'వాస్టపోల్' అను కృతికి మూలము 'సెబాస్టపోల్'. క్రిమియా యుద్ధమందలి కోట ముట్టడిని స్మరించుచు హెన్రీ వొరాల్ అను అమెరికా గిటారు ఆచార్యుడు పందొమ్మిదవ శతాబ్దమున దానిని అచ్చువేయించెను. ఆతని 'స్పానిష్ ఫండాంగో' యే ఆమె నోట 'స్పానిష్ ఫ్లాంగ్ డాంగ్' అయినది. అచ్చుపుస్తకమునుండి బయలుదేరిన కృతి చేతినుండి చేతికి మారి, పేరు చెదరి, కర్తను మఱచి జానపదమైనది. రూపమునుబట్టి చూచినచో ఇది నిశ్చయముగా జానపదకృతి. చరిత్రనుబట్టి చూచినచో నిశ్చయముగా కర్త గలది. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములు కావని గ్రహింపవలెను.

ఇక ఆమె స్వీయరచనలు. వానిలో 'ఫ్రైట్ ట్రెయిన్', అనగా సరకుల రైలుబండి, సుప్రసిద్ధము. పదకొండు పండ్రెండేండ్ల ప్రాయమున, ఇంటి చెంత రైళ్ల చప్పుడు వినుచు కట్టితినని ఆమెయే చెప్పెను. పాటలోని వక్త పోవుచున్న బండిని తలచును. తన జాడ పరులకు తెలుపవలదని వేడును. మరణించిన పిమ్మటను రైలు చప్పుడు వినవచ్చు తావుననే తన్ను పూడ్చుమని కోరును. పదములు మిక్కిలి కొలది. వరుసలు మఱల మఱల వచ్చును. వెళ్లిపోవలెనను కోరికయు, ఉన్నయూరనే పరుండవలెనను కోరికయు ఒకే శ్వాసలో పలుకుట ఇందలి విశేషము. ఇండ్లలో పాచిపని చేయు బాలికకు రైలు ఎక్కు భాగ్యము లేదు, చప్పుడు వినుటయే కలదు. దుఃఖమను మాట లేకుండ దుఃఖము ధ్వనించుటచే ఇది ఉత్తమగేయమని మా యభిప్రాయము. 'ఓ బేబ్, ఇట్ ఎయింట్ నో లై' అను మఱియొక పాట, పొరుగింటి స్త్రీ తల్లికి చెప్పిన అబద్ధము వలన తనకు దండన కలుగగా పుట్టినది. ఇట్లు ఆమె పాటలకు కాలము, స్థలము, కారణము తెలియుచున్నవి.

1940ల దశకమున వాషింగ్టన్ నగరమందొక పెద్ద దుకాణమున ఆమె పనిచేయుచుండగా, తప్పిపోయిన ఒక బాలికను తల్లికి అప్పగించెను. ఆ తల్లి సంగీతకర్త్రి రూత్ క్రాఫర్డ్ సీగర్; బాలిక పెగ్గీ. తత్పరిచయమున కాటన్ ఆ యింట వంటపనికి కుదిరెను. సీగర్ దంపతులు జానపదసంగీత సేకరణమున అగ్రగణ్యులు. ఐనను తమ వంటయింట నున్నది గేయకర్త్రి యని వారికి ఆరంభమున తెలియదు. గోడకు వ్రేలాడు గిటారును ఆమె తీసి వాయింపగా విన్న పిమ్మటనే తెలిసినది. ఊరూర తిరిగి పాటలు గ్రహించు వారికిని ఇంటి పనిమనిషి చేతిలోని విద్య వెంటనే కనబడకపోవుట పరిశోధకులు మఱవరాని విషయము.

పెగ్గీ ఆ పాటను నేర్చి 1950ల దశకమున ఇంగ్లండునకు కొనిపోయి పాడెను. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందము, నాన్సీ విస్కీ గానముతో, దానిని రికార్డుగా వెలువరింపగా అది విశేషముగా అమ్ముడుపోయినది. రికార్డుపై కర్తలుగా అన్యుల పేర్లు నిలిచినవి. సీగర్ కుటుంబము పక్షమున వివాదము సాగిన పిమ్మట ఆమె కర్తృత్వము అంగీకరింపబడినది. 1958లో మైక్ సీగర్ ఆమె యింటనే ధ్వనిముద్రణము చేసిన పాటలను ఫోక్‌వేస్ సంస్థ ప్రకటించెను. అఱువదియేండ్లు దాటిన పిమ్మట ఆమె వేదిక ఎక్కెను. 1984లో జాతీయ వారసత్వ పురస్కారమును, 1985లో గ్రామీ బహుమతిని పొంది, 1987 జూన్ 29న సిరక్యూస్ నగరమున మరణించెను.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. ఆమె పాటయందలి స్వరపు నడక, పదబంధములు సంప్రదాయము నుండి వచ్చినవే కదా. అట్టిదానికి ఒకరిని కర్తయనుట ఎట్లు? సమాధానము: భాషయు సంప్రదాయము నుండియే వచ్చును, అయినను కవిని కవి యనుచున్నాము. జానపదత్వము పాట యొక్క రీతికిని, వ్యాప్తికిని సంబంధించినది. కర్తృత్వము దాని పుట్టుకకు సంబంధించినది. మొదటిది యున్నచో రెండవది లేదనుట తర్కము కాదు. పైగా కర్తృత్వము నిరాకరింపబడినపుడు పాట 'జనుల సొత్తు' కాలేదు. అన్యుల ఆస్తి అయినది. అజ్ఞాతకర్తృకత్వ మను మాట యొక్క లౌకిక ఫలమిట్టిది.

తెలుగున దంపుళ్ల పాటలు, తిరుగటి పాటలు, నాట్ల పాటలు స్త్రీల శ్రమ నుండి పుట్టినవి. 'ఊర్మిళాదేవి నిద్ర' వంటి దీర్ఘగేయములకు కర్త పేరు నిలువలేదు. నిలువలేదనుటకును, కర్త లేడనుటకును భేదము గుర్తింపవలెను. మున్ముందు సేకరణ చేయు విద్యార్థులు పాట పాఠముతో తృప్తి చెందక, పాడినవారి పేరు, వారు ఎవరివలన నేర్చిరి, ఏ చరణము తామే చేర్చిరి, ఎప్పుడు, ఏ పనిలో పాడుదురు అను విషయములు అడిగి వ్రాసికొనవలెను. పేరు ప్రకటించుటకు వారి సమ్మతిని గైకొనవలెను. అట్లు అడిగిన పిమ్మటను సమాధానము దొరకనిచో అపుడు 'కర్త తెలియదు' అని వ్రాయుట న్యాయము. అడుగక వ్రాసిన 'అజ్ఞాతకర్తృకము' లక్షణము కాదు, ఉపేక్ష మాత్రమే.