ముప్పై దాటాక నర్సింగా?

ఇంటర్ అయిన పిల్లలు నా దగ్గరికొస్తే ఏ కాలేజీలో ఫీజు తక్కువ, ఏ దేశంలో జీతం ఎక్కువ అని అడుగుతారు. ముప్పై దాటినవాళ్ళు వేరే అడుగుతారు. వాళ్ళకి అప్పటికే ఒక డిగ్రీ ఉంటుంది, ఒక ఉద్యోగం చేతిలోంచి జారిపోయి ఉంటుంది, ఇంట్లో బడికెళ్ళే బిడ్డ ఉంటుంది. ఇప్పుడు మొదలుపెడితే ఎప్పటికి తేలతాను అన్నది వాళ్ళ బెంగ. ఆ లెక్క మొహమాటం లేకుండా చెప్పేవాళ్ళు తక్కువ. కాలేజీల వాళ్ళు చెప్పరు, ఏజెంట్లు అసలే చెప్పరు. వార్డుల్లోనూ క్లాసుల్లోనూ జుట్టు నెరిసినదాన్ని గనక ఈ వారం ఆ పని నేను పెట్టుకున్నాను.

ఈసారి వచ్చింది మా వీధిలోనే కాపురముంటున్న అమ్మాయి. వరసకి నేను అత్తను. నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట వైపు పిల్ల. మైక్రోబయాలజీతో బీఎస్సీ చేసి, సముద్రం ఒడ్డున ఒక రొయ్యల హేచరీ ల్యాబులో పని చేసేది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాక రైతులు గుంటల్లో సీడు వేయడానికి వెనకాడారు, హేచరీ వాళ్ళు మనుషుల్ని తగ్గించారు. వయసు 31. భర్త ముత్తుకూరు దగ్గర లారీల లెక్కలు రాస్తాడు.

"డిగ్రీ ఉండాది కదత్తా. రెండేళ్ళలో అయిపోయే నర్సింగు ఏదన్నా ఉంటే చెప్పు" అనింది.

లేదమ్మా అన్నాను. నమ్మలేదు. వాళ్ళ ఆడబిడ్డ డాలస్‌లో ఉంది. బీటెక్ చేసి పెళ్ళయి హెచ్‌4 వీసా మీద వెళ్ళింది. 2015లో హెచ్‌4 వాళ్ళలో కొందరికి పనిచేసుకునే అనుమతి మొదలయింది కదా, ఆ తర్వాత కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, అది విసుగొచ్చి నర్సింగుకి మారింది. ఏడాదిన్నరలో రిజిస్టర్డ్ నర్స్ అయిపోయింది. "అక్కడ ఏడాదిన్నర, ఇక్కడ నాలుగేళ్ళా?" అని ఈ అమ్మాయి కోపం.

కోపంలో న్యాయముంది. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవాళ్ళ కోసమే 12 నుంచి 18 నెలల బీఎస్సీ నర్సింగ్ ఉంది. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ముందే విడిగా పాసై రావాలి (ఆ ఏడాదిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు). ఆపైన లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష. యేల్ విశ్వవిద్యాలయమైతే 1974లోనే నర్సింగ్ మొహం చూడని పట్టభద్రుల్ని నేరుగా మాస్టర్స్‌లోకి తీసుకుంది. ఇంగ్లండ్‌లో అలాంటివాళ్ళకి రెండేళ్ళ మాస్టర్స్ ఉంది. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలు ఇంటర్మీడియట్ దగ్గర మొదలవుతాయి. మధ్యలో మనిషి ఏం చదివింది, ఎక్కడ పని చేసిందన్నది ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించదు. వైట్ స్పాట్ వైరస్‌కి పీసీఆర్ పరీక్షలు చేసిన మనిషి, 17 ఏళ్ళ పిల్ల పక్కన కూర్చుని బ్యాక్టీరియా అంటే ఏమిటో మొదట్నించీ వినాలి. ఇది మార్చాల్సిన రూలని నేను మీటింగుల్లో చెబుతూనే ఉన్నాను. చప్పట్లు కొడతారు, భోజనానికి లేస్తారు.

సరే, ఉన్న దారుల్లోనే లెక్క వేద్దాం. ఇంటర్ బైపీసీ ఉన్నవాళ్ళకి బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, 2021 నిబంధనల నుంచి ఎనిమిది సెమిస్టర్లు. ఎంపీసీ, ఆర్ట్స్ చదివినవాళ్ళకి ఆ తలుపు మూసే ఉంది. వాళ్ళకి జీఎన్‌ఎం ఉంది, మూడేళ్ళ డిప్లొమా, ఇంటర్లో ఏ గ్రూపయినా సరే. కాకపోతే వయసు 35 దాటకూడదు. జీఎన్‌ఎం మూసేస్తారన్న మాట ఏళ్ళ తరబడి వినపడుతూనే ఉంది, అది నడుస్తూనే ఉంది. జీఎన్‌ఎం అయ్యాక మరో రెండేళ్ళు పోస్ట్ బేసిక్ చదివితే బీఎస్సీ వస్తుంది. ఎమ్మెస్సీ కావాలంటే బీఎస్సీ నర్సింగ్ తర్వాత ఏడాది పని చేసి, ఇంకో రెండేళ్ళు చదవాలి. అంటే మా అమ్మాయి ఇవాళ చేరితే 35కి నర్సు, 38కి ఎమ్మెస్సీ.

ఇంకో లెక్క కూడా ఉంది. ఎయిమ్స్ ఆస్పత్రుల నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగమంటే మన పిల్లలకి ప్రాణం. మంగళగిరిలోనే ఉంది, మూల వేతనమే 44,900. దానికి నార్‌సెట్ పరీక్ష రాయాలి, పై వయసు 30. బీసీలకి మూడేళ్ళు, ఎస్సీ ఎస్టీలకి అయిదేళ్ళు సడలింపు. మా అమ్మాయి బీసీయే. అయినా చదువు పూర్తయ్యేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది. రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్స్ పోస్టులకి 42 దాకా ఉంది, సడలింపులు విడిగా. ప్రైవేటు వాళ్ళు వయసు అడగరు, నైట్ చేస్తావా అని అడుగుతారు. ఈ మాటలు ఎవరైనా ఫీజు కట్టకముందే చెప్పాలి.

లెక్కలన్నీ విని ఆ పిల్ల లేచిపోతుందనుకున్నాను. లేవలేదు. "అయితే ఏ స్పెషాలిటీ మంచిదత్తా?" అనింది. ఇంకా కాలేజీలో అడుగు పెట్టలేదు, అప్పుడే స్పెషాలిటీ! కానీ ఇది ఆమె తప్పు కాదు. ఇంగ్లండ్‌లో దరఖాస్తులోనే పెద్దవాళ్ళ నర్సింగా, పిల్లలదా, మానసిక ఆరోగ్యమా, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళదా అని టిక్ పెట్టమంటారు. యేల్ పెట్టిన ఆ పద్ధతిలోనూ ముందే చెప్పాల్సి వచ్చేది. రోగిని ముట్టుకోకముందే రోగుల్లో రకాన్ని ఎంచుకోవడం నాకెప్పుడూ రుచించలేదు. మన పద్ధతిలో ఎన్ని లోపాలున్నా నాలుగేళ్ళూ అన్ని వార్డులూ తిప్పుతారు, ఆ ఒక్కటీ మేలు. చిన్నపిల్లలంటే ప్రాణమని వచ్చిన పిల్లలు పీడియాట్రిక్ వార్డులో రెండో రోజుకే మొహం తిప్పుకోవడం చూశాను. మానసిక ఆస్పత్రి పోస్టింగంటే ఏడ్చి వెళ్ళిన పిల్ల అక్కడే ఉండిపోతానని తిరిగి రావడమూ చూశాను.

అయినా అడిగింది కదా అని, హేచరీలో నువ్వేం చేసేదానివో వివరంగా చెప్పమన్నాను. చెప్పింది. లోపలికి పోయేటప్పుడు కాళ్ళు మందునీళ్ళ తొట్టిలో ముంచాలి, చేతులు కడగాలి. ఒక ట్యాంకులో ముంచిన మగ్గు ఇంకో ట్యాంకులో ముంచకూడదు. పిల్ల రొయ్యలకి రాత్రీ పగలూ కొన్ని గంటలకోసారి మేత పడాలి, ఆలస్యం కాకూడదు. గాజు బీకరులో కొంచెం నీళ్ళు తీసి లైటు వెలుతురుకి ఎత్తి చూస్తారు. ఆ కంటికి ఆనీ ఆనని ప్రాణులు ఎదురీదుతున్నాయా, అడుక్కి చేరి ఊరికే ఉన్నాయా, పేగులో మేత గీత నిండుగా ఉందా, తెగిందా. "ల్యాబు రిపోర్టు వచ్చేదాకా ఆగితే ట్యాంకు పోతాదత్తా. ముందు చూపులోనే పట్టెయ్యాల" అనింది. బీకరు పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి కళ్ళు చికిలించి చూపించింది కూడా.

నవజాత శిశువుల ఐసీయూలో మేం నేర్పేది ఇదే. నెలలు నిండని బిడ్డ నొప్పి చెప్పదు, గట్టిగా ఏడవనైనా ఏడవదు. రంగు కాస్త మారుతుంది, పాలు తాగడంలో చురుకు తగ్గుతుంది, కాళ్ళు వాలేస్తుంది. మానిటర్ మోగేలోపల నర్సు పట్టాలి. ఒక బిడ్డను ముట్టుకున్న చేత్తో ఇంకో బిడ్డను ముట్టుకోకూడదన్నది కొత్త పిల్లలకి ఒంటబట్టడానికి ఏడాది పడుతుంది. ఈమెకి ఒంటబట్టే వచ్చింది. డిగ్రీ కాగితాన్ని కౌన్సిల్ లెక్కలోకి తీసుకోకపోవచ్చు, చేతికొచ్చిన పని ఎక్కడికీ పోదు. వృత్తి మార్చుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: స్పెషాలిటీ కోసం బ్రోచర్లు తిరగేయకండి, పాత ఉద్యోగంలో మీ చెయ్యి ఏం నేర్చిందో చూసుకోండి. బ్యాంకు కౌంటర్లో పదేళ్ళు కూర్చున్నవాళ్ళకి కోపంగా ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో తెలుసు. ఆ ఓర్పు క్యాజువాలిటీలో కావాలి, సైకియాట్రీలో మరీ కావాలి. బడిలో పాఠాలు చెప్పినవాళ్ళు డయాబెటిస్ రోగికి ఇన్సులిన్ సూది వేసుకోవడం నేర్పితే చూడాలి.

అయితే నవజాత శిశువుల నర్సు కావడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదని కూడా చెప్పాను. ఈ సంగతి చాలామందికి తెలీదు. ఎమ్మెస్సీలో అయిదు విభాగాలు: మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ, పిల్లల ఆరోగ్యం, ప్రసూతి, మానసిక ఆరోగ్యం. మన దగ్గర అది చేసినవాళ్ళలో చాలామంది చివరికి పాఠం చెప్పే ఉద్యోగంలో తేలతారు. నేనూ అలా తేలినదాన్నే, పశ్చాత్తాపం లేదు, కానీ రోగి మంచం పక్కనే ఉండాలనుకునేవాళ్ళకి అది దారి కాదు. వాళ్ళకోసం ఏడాది కోర్సులున్నాయి. నవజాత శిశువులు, క్యాన్సర్, ఆపరేషన్ థియేటర్, అత్యవసర సేవలు, మానసిక ఆరోగ్యం ఇలా. మానసిక ఆరోగ్యంలో బెంగళూరు నిమ్‌హాన్స్ డిప్లొమాకి ఉన్న గౌరవం వేరు. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ళ రెసిడెన్సీ పెట్టారు. చదువు బాగుంది, ఆ పేరుతో పోస్టులు మాత్రం అంతంతమాత్రం.

మిడ్‌వైఫరీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. తెలంగాణలో 60.7. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకి పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం కూడా మార్గదర్శకాలు తెచ్చింది. మామూలు కాన్పును మామూలుగా కానివ్వడం ఒక విద్య. అది తెలిసిన మంత్రసానుల్ని పోగొట్టుకున్నాం, ఇప్పుడు కోర్సు పెట్టి నేర్చుకుంటున్నాం. నా కూతురి వయసు పిల్ల ఎవరైనా అడిగితే నేను ముందు చూపించే దారి ఇది.

జీఎన్‌ఎం అయితే ఏడాది ముందే జీతం వస్తుందని ఆమె భర్త వాదన. కొట్టిపారేసే వాదన కాదు, ఇల్లు గడవాలి. కానీ ఈ తీరంలోనే ఉండాలనుకుంటున్న పిల్ల ఆమె. మైపాడు నుంచి కోడూరు దాకా ఉన్న పాలేల్లో ఉదయం వేళ ఒకసారి తిరిగితే తెలుస్తుంది, ఎంతమంది కాళ్ళకి మానని పుళ్ళతో ఉప్పునీళ్ళలోకి దిగుతున్నారో. షుగరు ఉందని వాళ్ళలో సగం మందికి తెలీదని నా అనుమానం. పెద్ద జబ్బంటే నెల్లూరు వాళ్ళకి మద్రాసు, వేలూరు ఉన్నాయి. రోజూ చూడాల్సిన బీపీకి, షుగరుకి ఊళ్ళో మనిషి కావాలి. విలేజ్ క్లినిక్‌లలో మధ్యస్థాయి వైద్య సేవకుల పోస్టులు అందుకే పెట్టారు. మన రాష్ట్రంలో వాటికి అడిగింది బీఎస్సీ నర్సింగ్. కాంట్రాక్టు ఉద్యోగమే, ఆ సణుగుడు వేరే ఉంది. కానీ ఇంటికి దగ్గర, రాత్రి డ్యూటీ ఉండదు, బిడ్డ బడి మారదు. ఇది చెప్పాక ఆ భర్త కాస్త మెత్తబడ్డాడు.

ఇక కాలేజీ. భవనం చూసి మోసపోవద్దన్నాను. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులన్నది లెక్క. సొంత ఆస్పత్రి ఎక్కడుంది, దాంట్లో మంచాలు కాదు, మంచాల మీద మనుషులు ఎంతమంది ఉంటారు, కాన్పులు జరుగుతాయా, లేక కేస్ బుక్కులు సీనియర్ల పుస్తకాల్లోంచి ఎక్కించుకోవడమేనా? నాన్ అటెండింగ్ అనే జబ్బొకటి ఉంది మన దగ్గర. రావక్కర్లేదు, ఫీజు కట్టు, పరీక్షకి వస్తే చాలు అంటారు. పిల్లలున్న ఆడవాళ్ళకి ఆ మాట తియ్యగా ఉంటుంది. అలా వచ్చిన ఒక స్టాఫ్ నర్స్ నా కళ్ళ ముందు పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ నేరుగా సిరంజిలోకి లాగింది. అది సెలైన్‌లో కలిపి నిదానంగా ఎక్కించాల్సింది, నేరుగా నరంలోకి పోతే గుండె ఆగుతుంది. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ పిల్ల సర్టిఫికెట్లో మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయి.

మా అమ్మాయి రెండు కాలేజీలు చూసొచ్చింది. ఒకచోట అద్దాల ల్యాబు, ప్లాస్టిక్ బొమ్మలు చూపించి ఇప్పుడే అడ్వాన్సు కట్టమన్నారు. ఇంకోచోట ప్రిన్సిపాల్ ఊళ్ళో లేదు. ఆయా ఎవరో వార్డులోకి తీసుకెళ్ళి చూపించింది. రాత్రి డ్యూటీకి పిల్లలతోపాటు టీచరు కూడా ఉంటారా అని ఈమె అడిగితే, "పన్నెండుకొకసారి వస్తారమ్మా, ఒక్కోసారి రారు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. రెండోదాంట్లో సీటొస్తే చేరతానంటోంది. ఇప్పుడు సాయంత్రాలు కొడుకు హోంవర్క్ పక్కన పాత బైపీసీ పుస్తకాలు పెట్టుకుని ప్రవేశ పరీక్షకి చదువుతోంది. మొన్న పలకరించి, నవజాత శిశువులా, విలేజ్ క్లినికా, ఏమన్నా తేల్చుకున్నావా అని అడిగాను.

"ముందు ఇంజెక్షన్ చెయ్యడం నేర్చుకోనీత్తా" అనింది.