పేరు, ఇల్లు, పోషణ: కోనసీమ – గోదావరి ప్రాంత స్మారకగృహాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
చారిత్రక వ్యక్తులు నివసించిన ఇళ్లను స్మారకగృహాలుగా నిలపాలన్న కోరిక తెలుగునాట తరచుగా వ్యక్తమవుతుంది. ఆ కోరిక ఆవిష్కరణ సభ వరకు నడిచి, ఆ తరువాతి నిర్వహణ దగ్గర ఆగిపోతుంది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ స్మృతిని, రాజమహేంద్రవరంలోని కందుకూరి వీరేశలింగం గృహాన్ని ప్రధాన ఆధారాలుగా తీసుకొని, కడప, మైసూరు అనుభవాలతో పోల్చి, స్మారకగృహం నిలవడానికి ఏటేటా అందే పోషణే మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ పోషణ ఎవరి స్మృతికి దక్కుతోందన్న ప్రశ్నను బోయి భీమన్న స్వగ్రామం మామిడికుదురు ఆధారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: స్మారకగృహం, కోనసీమ, డొక్కా సీతమ్మ, కందుకూరి వీరేశలింగం, బోయి భీమన్న, నిర్వహణవ్యయం.

1. ఉపోద్ఘాతం

స్మారకచిహ్నాలు పలు రకాలు. విగ్రహం ఒకటి; వీధికో, వంతెనకో, పథకానికో పేరు పెట్టడం మరొకటి; ఆ వ్యక్తి జీవించిన ఇంటిని కాపాడడం ఇంకొకటి. మొదటి రెండింటికి ఒకసారి నిర్ణయం జరిగితే చాలును. మూడవదానికి ప్రతి వానాకాలానికి ముందు ఒక నిర్ణయం కావాలి. పెంకులు సర్దించాలి, చెద పట్టిన వాసం మార్చాలి, తలుపు తెరిచే మనిషికి జీతం ఇవ్వాలి. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే స్మారకగృహాలపై జరిగే చర్చ ప్రభుత్వ నిర్లక్ష్యంపై ఫిర్యాదుగానో, పూర్వవైభవంపై విలాపంగానో మిగిలిపోతోంది. ఇల్లు ఎందుకు పాడవుతోందన్న ప్రశ్నకు సమాధానం భావోద్వేగంలో దొరకదు. అది పద్దులలో దొరుకుతుంది.

2. డొక్కా సీతమ్మ: పేరు సాగిన దూరం

డొక్కా సీతమ్మ (1841–1909) మండపేటలో జన్మించి, డొక్కా జోగన్నను వివాహమాడి, లంకల గన్నవరం చేరారు. గోదావరి పాయల మధ్య పడవలపై సాగే ఆనాటి ప్రయాణంలో బాటసారికి అన్నం దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. ఆ ఊరి గృహిణి కులమత భేదం లేకుండా, వేళ చూడకుండా వచ్చినవారికి వడ్డించారన్నది కోనసీమ జనం నేటికీ చెప్పుకొనే మాట. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవాలకు ఆమెకు ఆహ్వానం అందిందనీ, అన్నదానానికి అంతరాయం కలుగుతుందని ఆమె వెళ్ళలేదనీ, చివరకు ఆమె ఛాయాచిత్రం మాత్రమే వెళ్ళిందనీ ప్రసిద్ధి.

ఈ కథను సీతమ్మ నిరాడంబరతకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. స్మారకాల దృష్టితో చూస్తే ఇందులో మరో అర్థం ఉంది. ఆమెను గౌరవించదలచిన వ్యవస్థ ఆమె రూపాన్ని తీసుకువెళ్ళింది. ఆమె పని జరుగుతున్న ఇంటిని ఉన్నచోటనే వదిలింది. తరువాతి కాలపు గౌరవాలు కూడా ఇదే దారిలో సాగాయి. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయపై కాలువ నీటిని దాటించే కొత్త ఆక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. బడిపిల్లల అన్నానికి సీతమ్మ పేరు తగినదే. అయితే పేరు గుర్తుచేస్తుంది గాని వివరించదు. ఒక గ్రామ గృహం రోజూ ఇంతమందికి ఎలా వండగలిగింది? పొయ్యిలెన్ని? ధాన్యం ఎక్కడ నిలువచేసేవారు? నీరెక్కడిది? వండినవారు, విస్తళ్లు కుట్టినవారు, ఎంగిలాకులు ఎత్తినవారు ఎవరు? ఇంటిపొలం ఆదాయంలో ఎంత భాగం ఆ వంటింటికి వెళ్ళింది? ఈ ప్రశ్నలకు ఆక్విడక్టు స్తంభం సమాధానం చెప్పదు. వంటిల్లు, కొట్టు, పెరడు, నుయ్యి, రేవుకు వెళ్ళే దారి చెప్పగలవు. సీతమ్మ విషయంలో ఇల్లు జీవితానికి నేపథ్యం కాదు; ఆమె చేసిన పనికి అదే సాధనం, అదే సాక్ష్యం.

3. కందుకూరి గృహం: గోడలకు రక్షణ, పనికి నిధి

గోదావరి ప్రాంతంలో స్మారకగృహంగా నిలిచిన ఇళ్లలో ప్రముఖమైనది రాజమహేంద్రవరంలోని కందుకూరి వీరేశలింగం (1848–1919) గృహం. రాష్ట్ర పురావస్తు శాఖ దానిని ప్రదర్శనశాలగా నిర్వహిస్తోంది. 1881 డిసెంబరు 11న జరిగిన తొలి వితంతు పునర్వివాహ స్మృతి ఈ ఇంటితో ముడిపడి ఉంది.

ఆ వివాహాన్ని సంస్కర్త ధైర్యానికి గుర్తుగా మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. సంఘం వెలివేసిన ఇంట్లో వంటకు, నీటికి మనుషులు దొరకనప్పుడు ఆ భారాన్ని మోసినవారు రాజ్యలక్ష్మమ్మ. వివాహాల ఖర్చుకు అండగా నిలిచినవారు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య. అంటే సంస్కరణకు వాదంతోపాటు వంటిల్లు, ధనం కూడా అవసరమయ్యాయి. ఇల్లు ఈ విషయాన్ని చెప్పే స్థలం. ప్రదర్శనలో సంస్కర్త చిత్రపటం ముందు నిలిచిన సందర్శకుడికి నీళ్లబిందె, ఖర్చుల పద్దు కూడా కనిపిస్తేనే ఆ ఇంటి చరిత్ర పూర్తిగా అందుతుంది.

కందుకూరి జీవితంలో మరో పాఠం కూడా ఉంది. 1906లో ఆయన హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి ధారాదత్తం చేశారు. ఆశయం తన తరువాత సాగాలంటే దానికి ఆదాయవనరు ముందే ఉండాలని ఆయన గ్రహించారు. తన జ్ఞాపకానికి కాక, తన పనికి నిధి ఏర్పరచారు. నేటి స్మారక ప్రయత్నాలు దీనికి విలోమంగా సాగుతున్నాయి: ముందు శంకుస్థాపన, తరువాత నిధికై అన్వేషణ.

ఇక్కడ సాహిత్య పరిశోధకుల నుండి ఒక ఆక్షేపణ రావచ్చు. కందుకూరి స్వీయచరిత్రము ఉండగా ఇల్లు ఎందుకు? రచయిత రచనలోనే జీవిస్తాడు కదా? ఈ వాదంలో బలముంది. కాని స్వీయచరిత్ర రచయిత చెప్పదలచిన క్రమంలో జీవితాన్ని చెబుతుంది. ఇల్లు ఆయన చెప్పదలచని వాటిని కూడా దాచి ఉంచుతుంది. గదుల కొలత, స్త్రీలు పనిచేసే చోటు, బయటివారు ఆగే గడప గ్రంథానికి ప్రత్యామ్నాయాలు కావు. గ్రంథాన్ని పరీక్షించే ఆధారాలు.

4. నేల, నీరు, కప్పు

కోనసీమలో పాత ఇంటిని నిలపడం మెట్టప్రాంతంలో కంటె కష్టం. మండువా లోగిలి నడిమి వాకిలి వాననీటిని లోపలికి ఆహ్వానించే నిర్మాణం. ఆ నీరు బయటకు పోయే తూము మూసుకుంటే గోడ పాదం చెమ్మగిల్లుతుంది. సున్నపు గోడ ఆ చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. మరమ్మతు పేరుతో దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకొని ఇటుకను తినేస్తుంది. కనుక తెలియక ఖర్చుపెట్టిన డబ్బు ఖర్చుపెట్టని డబ్బు కంటె ఎక్కువ హాని చేయగలదు. సముద్రపు గాలి, చెద, వరద వీటికి తోడు. 1986 గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ ఇళ్లకు, తోటలకు చేసిన నష్టం ఆ తరం మరువలేదు.

ఇటువంటి నేలలో ఇంటి నిర్వహణ నిరంతర వ్యయం. ప్రభుత్వ వ్యవస్థలో కొత్త నిర్మాణానికి ఒకేసారి పెద్ద మొత్తం మంజూరు కావడం సులభం. ఏటేటా చిన్న మొత్తం రావడం కష్టం. పెద్ద మొత్తానికి అంచనా, టెండరు, ప్రారంభోత్సవం ఉంటాయి. పెంకు సర్దినందుకు ప్రారంభోత్సవం ఉండదు. పదేళ్లు చిన్న ఖర్చు చేయకపోవడం వల్లనే పదకొండవ ఏట పెద్ద మొత్తం అవసరమవుతుంది. అప్పటికి పాత కలప, పాత పనితనం రెండూ పోయి, మిగిలేది పాత ఇంటి నమూనా మాత్రమే.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రాచీన, చారిత్రక కట్టడాల చట్టం కట్టడాన్ని రక్షితమని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ప్రకటన కూల్చివేతను ఆపగలదు. శిథిలత మాత్రం ప్రకటనకు లొంగదు.

5. కడప, మైసూరు: రెండు అనుభవాలు

ఈ సమస్యకు భిన్నమైన సమాధానాలు ఇచ్చిన రెండు ఊళ్లను పోల్చడం ఉపయుక్తం. కడపలో సి.పి.బ్రౌన్ తన బంగళాలో సొంత ఖర్చుతో పండితులను పోషించి తెలుగు గ్రంథాల పరిష్కరణ సాగించారు. కాలక్రమంలో ఆ బంగళా శిథిలమైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో, ప్రజల విరాళాలతో ఆ స్థలంలో స్మారక గ్రంథాలయం వెలసింది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమైన భాషాపరిశోధన కేంద్రంగా కొనసాగుతోంది. ఇక్కడ ఇల్లు నిలవలేదు. ఇంట్లో జరిగిన పని నిలిచింది. విశ్వవిద్యాలయానికి అనుబంధం కావడంతో ఆ పనికి శాశ్వతమైన సంస్థ అండ దొరికింది.

మైసూరులో ఆర్.కె.నారాయణ్ ఇంటిని కూల్చే పని 2011లో మొదలైన తరువాత నిరసన వచ్చింది, పని ఆగింది, ప్రభుత్వ పక్షాన కొనుగోలు జరిగి, 2016లో ఇల్లు ప్రదర్శనశాలగా తెరుచుకుంది. ఇక్కడ ఇల్లు దక్కింది. అయితే ఆంగ్లంలో రాసిన రచయిత ఇంటికి ప్రజాధనం ఎందుకని కొందరు కన్నడ రచయితలు ప్రశ్నించారు. ఆ ప్రశ్నను అసూయగా కొట్టివేయడం తగదు. ప్రజాధనంతో ఎవరి ఇల్లు నిలపాలన్నది బహిరంగంగా చర్చించవలసిన విషయమే. కోనసీమలో ఆ ప్రశ్న ఇంకా తీవ్రంగా ఎదురవుతుంది.

6. గుడిసెకు స్మారకం ఎలా?

స్మారకగృహం అనే భావనలోనే ఒక పక్షపాతం ఉంది. వందేళ్లు నిలిచే ఇల్లు కట్టుకోగలిగినవారికే అది దక్కుతుంది. టేకు స్తంభాల లోగిలి శిథిలమైనా ఆనవాలుగా మిగులుతుంది. తాటాకు గుడిసె ఒక అగ్నిప్రమాదానికో, ఒక వరదకో ఆనవాలు లేకుండా పోతుంది. మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్న (1911–2005) కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తన కృతికి ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ అని పేరు పెట్టారు. ఆ శీర్షికను స్మారకాల చర్చలోకి తెచ్చి చదివితే దాని అర్థం మరింత విస్తరిస్తుంది. కాలిపోయేది నివాసమే కాదు. ఆ నివాసంలో బతికినవారి చరిత్రకు భౌతిక సాక్ష్యం కూడా.

కనుక కోనసీమ వారసత్వాన్ని మండువా లోగిళ్లతోనే లెక్కిస్తే, ఆ లోగిళ్లలో, వాటి పొలాల్లో పనిచేసినవారు రెండవసారి కనుమరుగవుతారు. దీనికి విరుగుడు లోగిళ్లను వదిలివేయడం కాదు. నిలిచిన ఇంటి కథలో దానిని నిలిపిన శ్రమను చేర్చడం ఒక మార్గం. ఇల్లు మిగలనివారికి చదివిన బడి, నడిచిన పేట, రాతప్రతులు, తోటివారి మౌఖిక కథనాలు కలిపి స్మృతిస్థలం ఏర్పరచడం మరో మార్గం. నిధి కేటాయింపులో కట్టడం వయసు ఒక్కటే కొలమానమైతే ఈ రెండవ మార్గానికి ఎన్నడూ రూపాయి రాదు.

7. నిధికి మార్గాలు

2013 కంపెనీల చట్టం సామాజిక బాధ్యత వ్యయంలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణను చేర్చింది. చమురు, సహజవాయు సంస్థలు పనిచేస్తున్న కోనసీమలో ఇది విస్మరించరాని వనరు. అయితే 2021 నిబంధనల సవరణ తరువాత ఏ సంస్థ మూలనిధికైనా ఇచ్చిన విరాళం ఈ వ్యయం కింద లెక్కకు రాదు. అంటే ఈ దారిలో కప్పు బాగుపడవచ్చు. కాపలాదారు జీతానికి కావలసిన వడ్డీ రాదు. మరమ్మతుకు ఒక వనరు, నిత్యపోషణకు మరొక వనరు వేర్వేరుగా వెతకవలసి ఉంటుంది.

నిత్యపోషణకు తెలుగునాట ఒక పూర్వరంగం సిద్ధంగా ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ప్రతి ఇల్లు ఊరి పుస్తకాలకు కొంత చెల్లిస్తుందన్నమాట. స్మారకగృహాన్ని శాఖా గ్రంథాలయంగా కూడా నడిపితే, ఏడాదికి ఒక జయంతి, ఒక వర్ధంతి నాడు మాత్రమే తెరుచుకునే తలుపు రోజూ తెరుచుకుంటుంది. మనుషులు తిరిగే ఇంట్లో చెదను ముందుగా గమనిస్తారు. కారే కప్పు సంగతి ఆ వారమే తెలుస్తుంది. దీనితోపాటు సమీప కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు ఇంటి కొలతలు, వస్తువుల పట్టిక, మౌఖిక కథనాలు నమోదుచేయడం పరిశోధనాంశాలుగా చేపట్టవచ్చు. ఇల్లు చివరకు నిలవకపోయినా ఈ నమోదు నిలుస్తుంది. వారసులు ఇంకా నివసిస్తున్న ఇళ్ల విషయంలో వారి ఇష్టం, వారి హక్కు ముందుండాలి. పొగడ్తలతో ఇంటిని ఊరి ఆస్తిగా ప్రకటించి, ఖర్చును మాత్రం ఆ కుటుంబానికి వదిలేయడం న్యాయం కాదు.

8. ముగింపు

స్మారకగృహాల చర్చలో ‘కాపాడాలి’ అన్న క్రియ తరచుగా కర్త లేకుండా వాడబడుతోంది. ఎవరు, ఏ పద్దు నుండి, ఎన్నేళ్లు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేని తీర్మానం ఇంటిని ఒక్క వానాకాలం కూడా దాటించలేదు. పరిశీలించిన ఉదాహరణలలో పని కొనసాగిన చోటనే స్మృతికి స్థిరత్వం దక్కింది. పేరు మాత్రమే సాగిన చోట ఇల్లు చర్చకు వెలుపలే ఉండిపోయింది. సీతమ్మ స్మరణీయురాలు కావడానికి కారణం ఒకనాటి విందు కాదు, మరునాడు కూడా వెలిగిన పొయ్యి. ఆమె నేలలో ఏ ఇంటిని స్మారకంగా నిలపదలచినా, ఆ మరునాటి ఖర్చు ఎవరిదో ముందుగా రాసుకోవాలి.