సింహాసనం కారు, సర్కారు కారు

చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబెట్టిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌కూ, ఆరాంఘర్ చౌరస్తాలో ఎప్పుడో ఒకసారి కంటపడే అంబాసిడర్‌కూ మధ్య దూరం పది కిలోమీటర్ల లోపే. పాత కార్లంటే పడిచచ్చే హైదరాబాదీలు ఈ రెండింటి కోసమూ ఆగుతారు. ఆగే తీరులోనే తేడా ఉంది. అక్కడ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లి, అడ్డు కట్టిన చోట నిలబడి తనివితీరా చూడవచ్చు. ఇక్కడ చూపుకు చిక్కేది నాలుగైదు సెకన్లు. శంషాబాద్ వైపు తిరిగిందో, లారీల వెనక్కి పోయిందో, ఇక అంతే. ఆ తీరికా ఈ తొందరా రెండు వేర్వేరు కళ్లను తయారు చేశాయని నాకనిపిస్తుంది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి తీర్పు చెప్పుకుంటున్నాయి కాబట్టే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అంబాసిడర్ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? పెళ్లికి పూలదండ వేసుకుని వచ్చింది అదే. కలెక్టరు దిగింది అందులోంచే. ముందు నలుగురు, వెనక అయిదుగురు ఇరుక్కుని తిరుపతి కొండకు పోయింది కూడా అందులోనే. కాబట్టి ముందు రోల్స్‌రాయిస్ సంగతి చెప్పుకుందాం.

ఆ కారును చేయించాలనుకున్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. కారు 1912 నాటిది, అంటే కోరుకున్నవాడు ఎక్కకుండానే మిగిలిపోయింది. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏవో కొన్ని దర్బారు సందర్భాల్లో వాడాడు. మోడల్ పేరు సిల్వర్ ఘోస్ట్, ఇంజన్‌కు ఆరు సిలిండర్లు. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ ఇంజనూ ఛాసిస్ మాత్రమే అమ్మేది. బాడీ కొన్నవాడే వేరేచోట కట్టించుకోవాలి. ఈ కారుకు లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. వెనక కూర్చునే చోటు మామూలు సీటు కాదు, ఎత్తుగా లేపిన సింహాసనం. చుట్టూ పెద్ద పెద్ద అద్దాలు. బాడీకి ఆసఫ్‌జాహీ జెండాలోని పసుపు. లోపలున్న మనిషి బయటి జనానికి దూరం నుంచే కనబడాలన్నది దాని లెక్క. తెలుగునేల మీద అదే లెక్క 1982లో మళ్లీ ఒక బండికి వచ్చింది. ఎన్టీ రామారావు పాత చెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్పించుకున్నప్పుడు కావలసింది కూడా జనానికి కనబడే ఎత్తే. కాకపోతే ఆ ఎత్తు నుంచి ఆయన ఓట్లు అడిగాడు.

నిజాంల కార్ల మీద కథలకు కొదవ లేదు. రోల్స్‌రాయిస్‌లతో వీధుల్లో చెత్త ఎత్తించారన్నది అన్నిటికంటే ఎక్కువగా వినబడుతుంది. అల్వార్ మహారాజు పేరుతోనూ అదే కథ, భరత్‌పూర్ పేరుతోనూ అదే కథ. ఇన్ని సంస్థానాలు తిరిగిన కథను నేను నమ్మను. కారు తనంత తాను చెబుతున్నదే అంతకంటే వింతగా ఉంది. అది నడిచింది మొత్తం 356 మైళ్లేనని చెబుతారు. కిలోమీటర్లలో 570 పైచిలుకు. ఆరాంఘర్ మీదుగా ఒక్కసారి బెంగళూరు పోతే అయిపోయే దూరం. అదే మోడల్‌లోని మరో కారు 1907లో లండన్, గ్లాస్గోల మధ్య తిరుగుతూ 14,371 మైళ్లు ఆగకుండా పరుగెత్తింది. సిల్వర్ ఘోస్ట్‌కు ప్రపంచమంతా పేరొచ్చింది ఆ పరుగు వల్లే. దాని తోబుట్టువు మన ఊళ్లో నూరేళ్లకు పైగా నిలబడే ఉంది. మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదని పురానీ హవేలీలోని ఆయన బట్టల బీరువా చూపిస్తూ చెబుతారు. ఆ బీరువా పొడవు చూసి వచ్చినవాడికి ఈ కారు మీటరు అంతగా ఆశ్చర్యం కలిగించదు.

ఇక అంబాసిడర్. అది కూడా ఇంగ్లండు సంతానమే. కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులు కలకత్తా పక్కన ఉత్తరపారాకు వచ్చాయి. సొంత దేశంలో ఆ మోడల్ 1950లతోనే అయిపోగా, హిందుస్థాన్ మోటార్స్ దాన్నే 1957 నుంచి 2014 మే వరకు చేస్తూ వచ్చింది. 1980ల నడుమ ఏడాదికి 24 వేల దాకా బయటికొచ్చిన కారు, చివరికొచ్చేసరికి రెండువేల పైచిలుకుకు పడిపోయింది. రోల్స్‌రాయిస్‌లో ఛాసిస్ ఒకరిది, బాడీ మరొకరిది. కొన్నవాడు మారితే కారు రూపమే మారిపోయేది. అంబాసిడర్‌లో ఛాసిస్, బాడీ వేరుకావు. రెండూ కలిసి ఒకే డొక్కగా అచ్చులోంచి దిగేవి. మంత్రికీ అదే, ట్యాక్సీవాడికీ అదే. సింహాసనం కారు పుట్టినప్పుడే ఒకటి కాబట్టి అరుదు. సర్కారు కారు వేలూ లక్షలూ పుట్టి, నడిచి, అరిగి, తుక్కయిపోయి అరుదైంది. అరుదనే మాట రెండింటికీ వాడుతున్నాం గానీ, ఒకదాని వెనక రాజు కోరిక ఉంటే, మరొకదాని వెనక ఊరంతటి వాడకం ఉంది.

చూసే పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. చౌమహల్లాలో చూసేవాడికి ఎదురుగా పలక ఉంటుంది. ఏం కారు, ఏ సంవత్సరం, ఎవరిది అన్నది అందులోనే రాసి ఉంటుంది. ఇక కంటికి మిగిలేది పనితనం. దీపాల అంచులు, తలుపు గడియలు, చక్రాల ఆకులు, అద్దం మీద వెలుతురు. చూపు మెల్లగా నడుస్తుంది. ఆరాంఘర్‌లో పలకా ఉండదు, వెలుతురు కూడా మన చెప్పుచేతల్లో ఉండదు. మెహదీపట్నం నుంచి పదకొండు కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చిన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడే నేలకు దిగుతుంది. జూపార్కు వైపు నుంచి నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్‌ను 2025 జనవరిలో తెరిచారు. కర్నూలు, మహబూబ్‌నగర్ బస్సులు, విమానం పట్టుకోవాలన్న ఆత్రంలో ఉన్న క్యాబులు, కాటేదాన్ లారీలు అన్నీ కలిసే చోటు ఇది. ఇందులో అంబాసిడర్ కంటికంటే ముందు చెవికే అందుతుంది. ఆగిన ట్రాఫిక్ కదిలినప్పుడు ఫస్ట్ గేరులో అది తీసే సన్నటి మూలుగు మరే కారుకూ లేదు. సిల్వర్ ఘోస్ట్ గొప్పతనం చప్పుడు చేయకపోవడంలో ఉండగా, దీన్ని పట్టించేది చప్పుడే.

తల తిప్పగానే వెతకాల్సింది ముందు జాలీ.

“అన్నా, మార్క్ టూనా అది?”

“కాదు తమ్మీ, త్రీ. జాలీ చూడలే? పట్టీలు అడ్డంగున్నయి.”

టీకొట్టు దగ్గర ఈ రెండు ముక్కల్లో ఉన్నంత జ్ఞానం చాలా పుస్తకాల్లో ఉండదు. దగ్గర దగ్గరగా చిన్న గళ్లుంటే 1960ల మార్క్ టూ. వెడల్పాటి అడ్డపట్టీలు, గుండ్రటి ఇండికేటర్లు ఉంటే 1975 తర్వాతి మార్క్ త్రీ. జాలీ చిన్నదై, గళ్లు పెద్దవై, పార్కింగ్ లైట్లు చదరంగా మారితే 1979 నాటి మార్క్ ఫోర్. ఆ తర్వాత కన్ను నంబరు ప్లేటు మీదికి పోతుంది. ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాలుంటే 1989కి ముందు రిజిస్టరైన ఆంధ్రప్రదేశ్ బండి. తర్వాత ఏపీ, 2014 నుంచి టీఎస్, 2024 నుంచి టీజీ. బండి ఇంకా దగ్గరికొస్తే డ్రైవరు చెయ్యి ఎటు పోతుందో చూస్తారు. స్టీరింగ్ గేరా, కింద గేరా? కిందనుంటే 1990లలో వచ్చిన ఇసుజు ఇంజన్ బండి కావచ్చు. నాలుగైదు సెకన్లలో ఇన్ని నిర్ణయాలు. ప్యాలెస్‌లో గంట గడిపినవాడి చూపు ఎంత లోతైనదో, ఈ చూపు కూడా అంత లోతైనదే. దీనికి తీరిక లేదు కాబట్టి ముందే సిద్ధమై ఉండాలి.

రెండు కార్లూ ఒకచోట కలుస్తాయి. రెండూ వెనక సీటు కోసం పుట్టినవే. రోల్స్‌రాయిస్ డ్రైవరు రాజు ముందు కూర్చుంటాడు, అయినా అతన్ని ఎవరూ చూడరు. అలాగే సర్కారీ అంబాసిడర్‌లో వెనక సీటు మీద తెల్ల తువ్వాలు, కిటికీలకు తెరలు, నెత్తిన ఎర్రబుగ్గ. ఆ బుగ్గలు 2017 మే 1 నుంచి పోయాయి. ఒక కారు అద్దాల్లోంచి మనిషిని చూపించింది, మరొకటి తెరల వెనక దాచింది. రెండూ చెప్పింది మాత్రం వెనకున్నవాడి హోదా గురించే. ఇప్పుడు ఆ రెండు వెనక సీట్లూ ఖాళీ. ఆదివారం పొద్దున్నే అంబాసిడర్ తీసి శంషాబాద్ రోడ్డెక్కేవాడు స్వయంగా స్టీరింగ్ పట్టుకుంటాడు. చౌమహల్లాలో నిలబడ్డ కుర్రవాళ్లు కూడా సింహాసనం చూశాక, వంగి మరీ ముందువైపు పెడల్స్ ఎక్కడున్నాయో వెతుకుతారు. నిజాం ఎలా కూర్చునేవాడన్న ప్రశ్న కంటే దీన్ని నడపడం ఎలా ఉంటుందన్న ప్రశ్నే వాళ్లకు ముఖ్యం. పాత కార్ల అభిమానం చేసిన పెద్ద మార్పు ఇదేనని నా అభిప్రాయం. గౌరవాన్ని వెనక సీటు నుంచి ముందు సీటుకు జరిపింది.

విడిపోయే చోటు ఒరిజినల్ అన్న ప్రశ్న దగ్గర. అభిమానులు గొంతు పెంచి వాదించుకునేదీ దీని మీదే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పదేళ్ల తర్వాత పొడిగింపుకు రూ.5,000. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తీయవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన షరతు, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజన్ గానీ చెప్పుకోదగ్గంత మారి ఉండకూడదు. 356 మైళ్లు నడిచిన కారుకు ఇది సరిగ్గా సరిపోయే కొలత. నడవని కారు మారదు. అయితే మన జిల్లాల్లో అంబాసిడర్ బతికింది ఎలా? పెట్రోలు ధర మోయలేక ఇంజన్ దింపించి మాటడోర్ డీజిల్ ఇంజన్ ఎక్కించారు. తుప్పు పట్టిన చోట మిస్త్రీ రేకు కోసి అతికాడు. ఇంటిదైన పాత చీరకు అంచు మార్చినట్టు తరానికొక మార్పు చేసుకుంటూ పోయారు. నిబంధన చేసినవాళ్ల ఉద్దేశంలో తప్పు లేదు. గీత గీయకపోతే పేరుకే పాతదైన ప్రతి బండీ వింటేజ్ అయిపోతుంది. కాకపోతే ఆ గీత ప్యాలెస్ కారును చూసి గీసింది. దానితో రోడ్డు కారును కొలిస్తే, ఎక్కువ నడిచిన బండికే తక్కువ విలువ వస్తుంది. మాటడోర్ ఇంజన్ ఎక్కిన అంబాసిడర్ నాకు చెడిపోయిన అంబాసిడర్‌గా కనబడదు. మన రోడ్ల మీద అది పడ్డ కష్టానికి సాక్ష్యం ఆ ఇంజనే.

చివరి అంబాసిడర్లకు కూడా 2029లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించుకుని రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఒరిజినల్ బండ్లు ఎవరో ఒకరి షెడ్డులో భద్రంగానే ఉంటాయి. మార్పులు చేసిన బండి అటు వింటేజ్ కాదు, ఇటు అమ్మితే ధర పలకదు. అందుకని కాటాకు పోయేది ముందుగా అదే. బహదూర్‌పురాలో కె. సుధాకర్ యాదవ్ కట్టిన సుధా కార్స్ మ్యూజియం ఆరాంఘర్ దారిలోనే ఉంది. తుక్కుతో బూటు ఆకారంలో, వంకాయ ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో నడిచే కార్లు చేసి నిలబెట్టిన చోటది. చేతితో మార్చిన బండికి టికెట్ పెట్టి చూపించగల ఊరు మనది. జనం పిల్లల్ని తీసుకుని వెళ్లి చూస్తున్నారు కూడా.

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో రోల్స్‌రాయిస్, ప్యాకర్డ్, మార్క్ ఫైవ్ జాగ్వార్ ఉన్నాయి. చౌమహల్లాలో సింహాసనం కారు ఉంది. వాటిలో ఒకదాని పక్కన ఒక అంబాసిడర్‌కు చోటివ్వాలని నా కోరిక. కంపెనీలోంచి ఇప్పుడే దిగినట్టు రంగు కొట్టించినది వద్దు. అతుకులు కనబడేది, మాటడోర్ ఇంజన్‌దే కావాలి. బానెట్ ఎత్తి పెట్టి, ఏ ఏడాది ఏ భాగం ఎందుకు మార్చారో, మార్చిన మిస్త్రీ పేరేమిటో పక్కన పలక మీద రాయాలి. మీటరు పనిచేయకపోతే అలాగే ఉంచాలి.