పంకాను పట్టి తిప్పే నూనె

ఎండాకాలం పాతబస్తీలో ముందుగా వేడెక్కేది నీళ్లు మోసే ట్యాంకరే. హైవే మీద అరవై వేగంతో పోయే లారీకి ఎదురుగాలే సగం పని చేసిపెడుతుంది. దబీర్‌పురా దర్వాజా చుట్టుపక్కల గల్లీల్లోకి వచ్చేసరికి ఆ గాలి ఉండదు. ముందొక ఆటో, వెనకొక ఆటో, పక్కన తోపుడుబండి, మధ్యలో ఫస్ట్ గేర్‌లో మూలుగుతూ నిండు ట్యాంకరు. అప్పుడు ఇంజిన్‌ను కాపాడాల్సింది రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ ఒక్కటే. అది ఎంత వేగంగా తిరగాలో తేల్చేది దాని నడుమ కూర్చున్న ఫ్యాన్ క్లచ్. చుట్టూ రెక్కలు తేలిన అల్యూమినియం బిళ్ల, లోపల కాస్తంత చిక్కటి నూనె. లారీ యజమానుల్లో చాలామందికి అలాంటిదొకటి ఉందని తెలిసేది అది చెడిపోయిన రోజునే.

దబీర్‌పురా పేరు వినగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి వేరే. హైదరాబాద్ పాత ప్రహరీకి ఒకప్పుడు 13 దర్వాజాలుండేవి. వాటిలో ఇప్పటికీ నిలబడి ఉన్నవి రెండే: పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. మొహర్రం పదో రోజున ఏనుగు మీద ఊరేగే బీబీ కా ఆలం బయల్దేరేది ఇక్కడి బీబీ కా అలావా నుంచే. మలక్‌పేటకూ యాకుత్‌పురాకూ నడుమ ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది. లారీ రిపేరుకు పేరుమోసిన చోటు మాత్రం కాదు. ఆ పేరు విజయవాడ జవహర్ ఆటోనగర్‌ది, మన దగ్గరైతే వనస్థలిపురం పక్కన ఉన్న ఆటోనగర్‌ది. అక్కడ బాడీ కట్టేవాడు వేరు, పంపు చూసేవాడు వేరు, కమాన్‌పట్టీలు కొట్టేవాడు వేరు. పాతబస్తీ షెడ్డులో అంత విభజన కుదరదు. ఉస్తాద్ ఒకడు, చేతికింద షాగిర్దులు ఇద్దరు ముగ్గురు. వచ్చిన బండి ఏదైనా, జబ్బు ఏదైనా వాళ్లే చూడాలి. ఏ సామాను కావాలన్నా రాణీగంజ్‌కో పుత్లీబౌలీకో ఒక కుర్రాణ్ని పరిగెత్తించాలి. కొత్తది దొరికేదాకా పాతదాన్నే పని చేయించే నేర్పు అలాంటి చోటే పుడుతుంది. ఫ్యాన్ క్లచ్‌ను విప్పి సవరించే విద్య అలాంటి నేర్పుల్లో ఒకటి.

నిజాం రాష్ట్ర రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఫ్యాన్‌కు క్లచ్ అనే మాటే లేదు. 1954లో టెల్కో, డైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టాక కూడా చాలాకాలం అదే తీరు. వాటర్ పంపు పుల్లీకే ఫ్యాన్ బిగించి ఉండేది. ఇంజిన్ తిరిగితే ఫ్యాన్ తిరగాల్సిందే. డిసెంబరు తెల్లవారుజామునా అంతే, మే నెల మిట్టమధ్యాహ్నమూ అంతే. మొరటు పద్ధతే, కానీ దాని మీద భరోసా ఉండేది. చిక్కల్లా డీజిల్‌తోనే. ఫ్యాన్ మింగే శక్తి దాని వేగంతో సమానంగా పెరగదు, వేగపు ఘనాన్ని (క్యూబ్‌ను) బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. వేగం సగానికి తగ్గితే ఎనిమిదో వంతు చాలు. పెద్ద లారీ ఫ్యాన్ పూర్తి వేగం అందుకుంటే పదుల హార్స్‌పవర్ గాలికే పోతుంది. హైవే ప్రయాణంలో చాలాసేపు ఆ గాలి అవసరమే ఉండదు. కాబట్టి అక్కర్లేనప్పుడు ఫ్యాన్‌ను వదిలేసి, అక్కరున్నప్పుడు పట్టుకునే ఉపాయం ఒకటి కావలసి వచ్చింది.

ఆ ఉపాయానికి మూలం సిలికాన్ నూనె. చలికి గడ్డకట్టదు, ఎండకు మరీ పలచబడదు. క్లచ్‌లో రెండు గదులుంటాయి. ఒకటి నూనె నిలవ ఉండే గది, రెండోది పని జరిగే గది. పని గదిలో రెండు పళ్లేలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాని గట్లు ఇంకోదాని గాడుల్లో దూరి ఉంటాయి గానీ ఒకదానికొకటి తగలవు. ఒక పళ్లెం ఇంజిన్‌తో తిరుగుతుంది, ఇంకోటి ఫ్యాన్‌తో. మధ్యలో నూనె లేకపోతే ఇంజిన్ పళ్లెం తన మానాన తాను తిరుగుతుంది, ఫ్యాన్ బద్ధకంగా ఊగుతుంటుంది. ఆ సందులో నూనె చేరిందా, ముదురుపాకంలో దిగిన గరిటెకు గిన్నె కూడా తిరిగినట్టు, ఫ్యాన్ పళ్లెం దాని వెంట పడుతుంది. అప్పుడు కూడా పూర్తిగా కలిసి తిరగదు, కొంత జారుతూనే ఉంటుంది. ఆ జారుడుకు పుట్టే వేడిని వదిలించుకోవడానికే బిళ్ల చుట్టూ ఆ రెక్కలు.

నూనెను ఎప్పుడు వదలాలో చెప్పేది బిళ్ల ముఖాన చుట్టచుట్టుకుని ఉన్న చిన్న స్ప్రింగు. రెండు లోహాల రేకులు అతికించి చేసినది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే మెలి తిరుగుతుంది. తిరిగి లోపలి కంతకు అడ్డుగా ఉన్న పలకను పక్కకు జరుపుతుంది. నూనె పని గదిలోకి పారుతుంది. చల్లబడితే కంత మూసుకుంటుంది, తిరిగే వేగానికి నూనె అంచు దగ్గర ఉన్న దారిగుండా నిలవ గదికి చేరుతుంది. కరెంటు లేదు, వైరు లేదు. పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే ఒక నిమిషం హోరుమని తర్వాత సద్దుమణిగే ఫ్యాన్ చప్పుడు విన్నారా? రాత్రంతా నిలబడిన బండిలో నూనె పని గదిలోకి దిగి ఉంటుంది. అది వెనక్కి చేరేదాకా ఆ హోరు తప్పదు. దాన్ని రోగం అనుకుని క్లచ్ మార్పించుకున్నవాళ్లూ లేకపోలేదు.

ఈ ఏర్పాటులో ఒక తిరకాసు ఉంది, ఉస్తాద్ పనితనమంతా దాని చుట్టూనే. స్ప్రింగుకు తెలిసేది గాలి వేడి, నీళ్ల వేడి కాదు. బోరు నీళ్లు పోసీ పోసీ రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుంటే వేడినీళ్లు కోర్ గుండా సరిగా పారవు. కోర్ వేడెక్కదు, దాన్ని దాటొచ్చే గాలీ అంతగా వేడెక్కదు. లోపల ఇంజిన్ మాడిపోతున్నా క్లచ్‌కు కబురు అందదు. డ్రైవర్ వచ్చి ఫ్యాన్ సరిగా తిరగడం లేదు, క్లచ్ పోయింది అంటాడు. పోయింది క్లచ్ కాదు.

అందుకే మంచి షెడ్డులో సంభాషణ ఫ్యాన్‌తో మొదలవదు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన డ్రైవర్ "జర ఎక్కుడు పడితె చాలు భాయ్, సూది లాల్‌లకు పోతున్నది" అంటాడు. ఉస్తాద్ ఫ్యాన్ వైపు కూడా చూడకుండా "పానీ కౌన్సా డాలే? బోర్ కా?" అని అడుగుతాడు. తర్వాత రేడియేటర్ మూత రబ్బరు చూస్తాడు. బెల్టును బొటనవేలితో నొక్కుతాడు. కోర్ ముందు భాగంలో ఇరుక్కున్న పురుగులు, పొట్టు, బురద చూస్తాడు. ఫ్యాన్ చుట్టూ ఉండే డొప్ప ఉందో, ఏ యాక్సిడెంట్‌లోనో విరిగితే తీసి పారేశారో చూస్తాడు. అది లేకపోతే ఫ్యాన్ కోర్‌లోంచి గాలి లాగడం మానేసి పక్కల నుంచి వచ్చిన గాలినే మళ్లీ మళ్లీ చిలుకుతుంది. థర్మోస్టాట్ తీయించేశావా అని కూడా అడుగుతాడు. అది తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందన్న నమ్మకం మన డ్రైవర్లలో గట్టిది. చాలా డీజిల్ ఇంజిన్లలో జరిగేది దానికి తలకిందులు. అడ్డదారి తెరుచుకుని కొన్ని నీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌కు తిరిగొస్తాయి.

రాగి, ఇత్తడి రేడియేటరైతే పై తొట్టికి టంకం కరిగించి విప్పుతారు. ఒక్కో గొట్టంలో సన్నటి చువ్వ దూర్చి సున్నం రాలగొట్టి మళ్లీ టంకం పోస్తారు. ఇప్పటి అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ తొట్టి రేడియేటర్లతో ఆ పని సాగదు. ఆ చువ్వల విద్య మన కళ్లముందే కనుమరుగైపోతోంది.

ఇవన్నీ బాగున్నాయని తేలాక క్లచ్ వంతు. చల్లటి ఇంజిన్ ఆపి ఉండగా ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే కాస్త బరువుగా కదలాలి. గాలిపటం చరఖాలా గిర్రున తిరిగితే నూనె లేనట్టు. రెక్క కొన పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే ఊగకూడదు, ఊగితే బేరింగ్ పోయినట్టు. స్ప్రింగు చుట్టూ బయటికి చిమ్మినట్టు నల్లటి జిడ్డు చారలుంటే నూనె కారిపోతున్నట్టు. బాగా కాగిన బండిని ఆపగానే ఫ్యాన్ వెంటనే ఆగాలి, తిరుగుతూ ఉండిపోతే పట్టు పోయినట్టు. ఈ పరీక్షలకు వేళ్లు, కళ్లు తప్ప పరికరం అక్కర్లేదు.

అసలు సవరణ రెండు రకాలు. మొదటిది నూనె మార్చడం. స్క్రూలతో బిగించిన క్లచ్ అయితేనే కుదురుతుంది. అంచులు నొక్కి మూసేసిన రకం విప్పితే మళ్లీ అతకదు, దాన్ని మార్చుకోవాల్సిందే. సిలికాన్ నూనె చిక్కదనాన్ని సెంటీస్టోకుల్లో కొలుస్తారు. నీళ్లు 1 అయితే టయోటా ఫ్యాన్ క్లచ్‌ల కోసం చిన్న గొట్టాల్లో అమ్మే నూనెల్లో 3,000 ది ఒకటి, 10,000 ది ఒకటి. చిక్కటిది పోస్తే పట్టు పెరుగుతుంది, అదే వేడికి ఫ్యాన్ ఇంకాస్త వేగం అందుకుంటుంది. ఎడారి దేశాల్లో ల్యాండ్ క్రూజర్లు నడిపేవాళ్లకు ఇది బాగా ఎరిక. పాతబస్తీ నుంచి గల్ఫ్ వెళ్లి గ్యారేజీల్లో పనిచేసి తిరిగొచ్చినవాళ్లకు కొదవ లేదు కనుక ఇక్కడా వింత కాదు. క్వాలిస్‌కో ఇన్నోవాకో పనికొచ్చే ఉపాయాన్ని డీసీఎం వ్యాన్ మీద, ఆపైన లారీ మీద ప్రయోగించి చూడటం మెకానిక్ స్వభావం. నూనెను సిరంజితో కొలిచి పోస్తారు. ఇంకొంచెం పోస్తే ఇంకా మంచిదనుకుంటే నిలవ గది పట్టక పని గదిలోనే ఉండిపోతుంది. ఇక ఫ్యాన్ ఎప్పటికీ వదలదు, డీజిల్ లెక్క నెలాఖరుకు తెలుస్తుంది.

రెండోది కంత తెరుచుకునే వేళను ముందుకు జరపడం. చూడముచ్చటైన పని ఇదే. ముందు మూత విప్పి, పాత నూనె కార్చి, పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆ మూతను స్ప్రింగుతో సహా గిన్నెడు గోరువెచ్చటి నీళ్లలో ముంచుతారు. పక్కన థర్మామీటర్. కొద్దికొద్దిగా మరుగునీళ్లు కలుపుతూ పోతే స్ప్రింగు కదలడం మొదలవుతుంది. లోపలి పలక వెంట్రుకవాసి చొప్పున జరిగి, ఒకచోట కంత అంచు నెలవంకలా బయటపడుతుంది. అప్పుడు థర్మామీటర్ చూపిన అంకే ఆ క్లచ్ స్వభావం. ఇంకాస్త ముందే తెరుచుకోవాలంటే పలకను పట్టి ఉంచే స్క్రూలు వదులు చేసి, కొంచెం తిప్పి బిగించి, మళ్లీ నీళ్లలో ముంచి చూడాలి. మళ్లీ తిప్పాలి, మళ్లీ ముంచాలి. చలిదేశపు ఎండనూ మన రామగుండం ఎండనూ ఒకే గాట కట్టి కంపెనీ పెట్టిన అంకెను ఇలా మన ఊరి ఎండకు తగ్గట్టు దించుకోవచ్చు. మరీ దించేస్తే ఇక్కడి వేసవిలో గాలే ఆ వేడిలో ఉంటుంది, కంత మూసుకునే అవకాశమే ఉండదు. అయిదారు డిగ్రీల తేడా కోసం ఇంత ఓపికా అనేవాళ్లుంటారు. ఎత్తుగా పేర్చిన బస్తాలతో విజయవాడ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 500 మీటర్లు ఎక్కొచ్చే లారీకి సూది ఎర్రగీత ఇవతల ఆగిందా, అవతలికి పోయిందా అన్నది ఆ అయిదారు డిగ్రీల్లోనే ఉంటుంది. హెడ్ గ్యాస్కెట్ ఒకసారి పోతే అయ్యే ఖర్చు, ఆగిపోయిన ట్రిప్పుల నష్టం లారీ నడిపినవాడికి వేరే చెప్పాలా!

మూడో పద్ధతి ఒకటుంది. దాన్ని సవరణ అనడానికి నాకు మనసొప్పదు. క్లచ్‌కు రంధ్రాలు వేసి, రెండు పళ్లేలనూ బోల్టులతో కలిపి బిగించేస్తారు. "ఫ్యాన్ డైరెక్ట్ చేసేశాం" అంటారు. పది నిమిషాల పని, ఖర్చు తక్కువ, బండి చల్లబడుతుంది, డ్రైవర్ సంతోషిస్తాడు. అర్ధరాత్రి నల్లమల ఘాట్ మధ్యలో ఇంజిన్ ఉడికిపోతుంటే అంతకు మించిన వైద్యం లేదు కూడా. గాలి ఒత్తిడితో పనిచేసే ఫ్యాన్ క్లచ్‌లలో చాలావాటికి అలాంటి ఆపదకోసమే బోల్టు పెట్టుకునే చోటు కంపెనీలే ఇస్తాయి. చిక్కు ఏమిటంటే ఆపద్ధర్మంగా పెట్టిన బోల్టులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. జారుతూ తిరగడానికి చేసిన ఫ్యాన్ ఇంజిన్ పూర్తి వేగంతో ఎప్పుడూ తిరగాలని చేసింది కాదు. ప్లాస్టిక్ రెక్కలు పగిలి రేడియేటర్‌లోకి దూసుకుపోవచ్చు, వాటర్ పంపు బేరింగ్ ముందే అరిగిపోవచ్చు, బెల్టు తెగొచ్చు. డీజిల్ సంగతి పైన చెప్పుకున్నదే. అన్నిటికంటే పెద్ద నష్టం, సున్నం పట్టిన రేడియేటర్ అలాగే మరుగున పడిపోతుంది. అది ఇంకో రెండు వేసవులు ఓర్చుకుని మూడో వేసవిలో ఇంజిన్‌ను బలి తీసుకుంటుంది.

2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్-6 లారీల్లో ఆట మారింది. పొగను చల్లార్చి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు వల్ల నీళ్ల మీద వేడి భారం పెరిగింది. ఫ్యాన్ క్లచ్‌ను కంప్యూటర్ నడిపించే బండ్లు వచ్చాయి. అలాంటి చాలా క్లచ్‌లలో వైరు పీకేస్తే ఫ్యాన్ పూర్తిగా పట్టుకునేలా చేశారు, ఏదైనా తెగినా ఇంజిన్ బతకాలని. పాత ఉస్తాద్ ఆ వైరు పీకి బండి పంపించగలడు, కానీ డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ల గిన్నె ఇక్కడ పనికిరాదు. లక్షణం చూసి మూలం వెతికే అలవాటు మాత్రం ఇక్కడా పనికొస్తుంది. స్కానర్ "కూలెంట్ వేడి ఎక్కువ" అని చెప్పి ఊరుకుంటుంది, బోరు నీళ్లు పోశావా అని అడగదు.

రోడ్ల మీద ఇంకా వేలకొద్దీ పాత లారీలు, ట్యాంకర్లు, డీసీఎంలు స్ప్రింగు క్లచ్‌లతోనే తిరుగుతున్నాయి. వాటి యజమానులకు ఒక్క మాట. దారిలో ఫ్యాన్ బిగించుకుని ఇల్లు చేరారా, మంచిదే. మర్నాడు షెడ్డుకు తీసుకెళ్లి ఆ బోల్టులు తీయించండి, రేడియేటర్ కడిగించండి, బోరు నీళ్లు మానేసి కూలెంట్ పోయించండి. ఆ తర్వాత కూడా సూది ఎక్కితేనే క్లచ్ విప్పించండి.