నీటి అడుగున నిమిషాల లెక్క

2025 జూలై 18న విశాఖపట్నం నావల్ డాక్‌యార్డులో ఐఎన్ఎస్ నిస్తార్ మన నౌకాదళంలో చేరింది. ఈ ఊరి హిందుస్థాన్ షిప్‌యార్డులోనే కట్టిన ఓడ. పొడవు సుమారు 118 మీటర్లు. దాని పని తుపాకులు పేల్చడం కాదు. సముద్రం అడుగున చిక్కుకుపోయిన జలాంతర్గామి సిబ్బందిని కాపాడటం, డైవర్లను 300 మీటర్ల లోతు దాకా దింపి మళ్లీ క్షేమంగా పైకి తేవడం. ఇదే పేరుతో అంతకుముందు ఒక రెస్క్యూ ఓడ ఉండేది. సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన ఆ ఓడ 1989లో సెలవు తీసుకుంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ ఈ రేవు బయట మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి దిగి, అది ఘాజీయేనని తేల్చిందీ డైవర్లే. డైవర్ల పని ఈ ఊరికి సినిమా కథ కాదు, రోజువారీ కొలువు.

ఇదే ఊళ్లో జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల వాచీ దుకాణాల్లో అద్దాల వెనక బరువైన ఉక్కు గడియారాలు వరసగా కూర్చుని ఉంటాయి. చుట్టూ పళ్లున్న వలయం, పక్కన రెండు బొత్తాలు, డయల్ మీద మూడు చిన్న డయల్స్, అడుగున ‘200 మీటర్లు’ అనే అక్షరాలు. మగవాళ్ల వాచీల్లో బాగా మోజున్న రకం ఇది: డైవింగ్ క్రోనోగ్రాఫ్. పెళ్లికొడుకు చేతికీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడి చేతికీ అందంగానే ఉంటుంది. కానీ దాని మీద ఉన్న ప్రతి గీతా ఏదో ఒక ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి పుట్టింది. అందులో కొన్ని ఏర్పాట్లు ఒకదానితో ఒకటి పేచీ కూడా పడతాయి. ఆ పేచీ తెలిస్తేనే ఈ గడియారం విలువ తెలుస్తుందని నా నమ్మకం.

ముందు, నీటి కింద గడియారం ఎందుకు? డైవర్ పీల్చే గాలిలో నైట్రోజన్ ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరిగి ఆ నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. నిదానంగా పైకి వస్తే ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడితే గోలీసోడా కొట్టినట్టే, ఒంట్లోనే బుడగలు లేస్తాయి. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం, ప్రాణాపాయం దాకా పోవచ్చు. బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఏ లోతులో ఎంతసేపు ఉంటే పైకి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలో 1908లో పట్టికలు ప్రకటించారు. నేటి పట్టికలన్నిటికీ మూలం అదే. సరదాగా డైవింగ్ చేసేవాళ్ల కోసం పాడీ సంస్థ వేసిన పట్టికలో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే గడువు. ఆ గడువు దాటితే నేరుగా పైకి రావడానికి వీల్లేదు. లోతు కొలిచే మీటరు ఒక చేతికి, నిమిషాలు చెప్పే గడియారం ఇంకో చేతికి ఉంటే తప్ప హాల్డేన్ పట్టిక పనికిరాదు.

ఆ నిమిషాల లెక్క తప్పినవాళ్లలో ఒకరు గడియారాల కంపెనీ అధిపతే కావడం చరిత్రలో మంచి మలుపు. బ్లాంపాన్ సంస్థను నడిపిన ఝాన్-ఝాక్ ఫీష్టర్ స్వయంగా డైవర్. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో నీటి కింద కాలం మరిచిపోయి, గాలి అయిపోవచ్చి, బతికి బయటపడ్డాడు. అదే సమయంలో ఫ్రెంచి సైన్యంలో డైవర్ల దళాన్ని తయారుచేస్తున్న రాబర్ట్ మాలూబియే, క్లోద్ రిఫో తమ మనుషులకు తగిన గడియారం ఎక్కడా దొరక్క తిరుగుతున్నారు. వాళ్లు కలిశారు. 1953లో ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ వచ్చింది. రోలెక్స్ సబ్‌మెరీనర్ పుట్టుకా ఆ రోజుల్లోనే. నల్ల డయల్, లావుపాటి ముళ్లు, చుట్టూ తిరిగే వలయం. ఈ మూడూ అప్పటి నుంచి మారలేదు.

ఆ వలయాన్ని బెజెల్ అంటారు. దాని మీద ఒకచోట మెరిసే త్రికోణం గానీ చుక్క గానీ ఉంటుంది. నీళ్లలోకి దిగేముందు ఆ చుక్కను నిమిషాల ముల్లు ఎదురుగా తెచ్చి వదిలేస్తే చాలు. తర్వాత ఎప్పుడు చూసినా, ముల్లు కొన ఎదురుగా బెజెల్ మీద ఉన్న అంకె ఎన్ని నిమిషాలు గడిచాయో చెబుతుంది. లెక్క కట్టే పని లేదు. లోతులో నైట్రోజన్ మత్తు ఎక్కినప్పుడు కూడికలు, తీసివేతలు చేయలేని మెదడుకు ఇంతకంటే గొప్ప సాయం ఏముంటుంది? మంచి బెజెల్ ఒకవైపే తిరుగుతుంది, గడియారం తిరిగే దిక్కుకు ఎదురుగా. తాడుకో, ఓడ అడుగుకో తగిలి పొరపాటున జరిగినా, గడిచిన సమయాన్ని ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎన్నటికీ చూపించదు. అప్పుడు డైవర్ కాస్త ముందే పైకి వస్తాడు, అంతే. మనిషి చేసే తప్పును బతుకు వైపే మళ్లించే ఈ చిన్న ఏర్పాటు నాకు మొత్తం గడియారంలోకీ అందమైనదిగా తోస్తుంది. 1967లో డోక్సా కంపెనీ ఇంకో అడుగు వేసి, లోతును బట్టి ఎన్ని నిమిషాలు ఉండవచ్చో అమెరికా నౌకాదళం పట్టికను బెజెల్ మీదే చెక్కించింది.

ఇక క్రోనోగ్రాఫ్. దాని వంశం వేరు, సముద్రంతో సంబంధం లేనిది. 1816లో లూయి మ్వానే నక్షత్రాల పరిశీలన కోసం సెకనులో అరవయ్యో వంతు కొలిచే యంత్రం చేశాడు. 1821లో నికొలా రియుసెక్ గుర్రప్పందేలకు సిరాచుక్క పెట్టే యంత్రం చేశాడు. విశాఖకు కూడా ఇలాంటి సెకన్ల పట్టింపు కొత్తది కాదు. 19వ శతాబ్దం నడుమ గోడే వెంకట జగ్గారావు ఇక్కడి డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం ఈ ఊరి నుంచే గమనించి నమోదు చేశారు. గ్రహం సూర్యుడి అంచు తాకిన క్షణాన్ని పట్టుకోవడమే ఆ పనిలో కీలకం.

చేతి క్రోనోగ్రాఫ్‌లో సాధారణంగా పై బొత్తాం నొక్కితే పరుగు మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కింది బొత్తాం నొక్కితే ముళ్లన్నీ సున్నాకు వస్తాయి. నడిమధ్యన ఉండే పొడవాటి సన్నటి ముల్లు ఈ పరుగు సెకన్లది. మామూలు సెకన్లు ఒక చిన్న డయల్‌లో నడుస్తుంటాయి. ఇది తెలియక, పెద్ద ముల్లు కదలడం లేదు, వాచీ ఆగిపోయిందని దుకాణానికి పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. మిగతా చిన్న డయల్స్‌లో ఒకటి గడిచిన నిమిషాలకు, మామూలుగా ముప్ఫై దాకా, మరొకటి గంటలకు. యాంత్రిక గడియారాల్లో బొత్తాం ఆజ్ఞను లోపలి చక్రాలకు చేరవేసే పద్ధతులు రెండు. కోట బురుజు ఆకారంలో నిలువు పళ్లున్న కాలమ్ వీల్ ఒకటి, అచ్చుపోసిన రేకులాంటి క్యామ్ రెండోది. మొదటిది చేయడం కష్టం, నొక్కితే మెత్తగా పలుకుతుంది. రెండోది మొరటుది, కానీ గట్టిది, బాగుచేయడం సులువు. కాలమ్ వీల్ పేరు చెప్పి రెట్టింపు ధర కట్టేవారిని చూశాను. పనితనానికి ఆ గౌరవం దక్కాల్సిందే, అయితే కొలతలో తేడా ఏమీ ఉండదు.

ఇప్పుడు పేచీ. నీటి గడియారానికి కావలసింది తక్కువ కన్నాలు. క్రోనోగ్రాఫ్‌కు కావలసింది ఎక్కువ కన్నాలు. 10 మీటర్లు దిగిన ప్రతిసారీ భూమ్మీద ఉన్న వాతావరణ పీడనమంత పీడనం అదనంగా మీద పడుతుంది. 200 మీటర్ల దగ్గర, మూడు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న అద్దం మీద పడే బరువు లెక్కేస్తే దాదాపు 145 కిలోలు. ఉక్కు డబ్బా, మరలతో బిగిసే వెనక మూత, లావు నీలమణి అద్దం దీన్ని మోయగలవు. కీ కూడా మరతో బిగుస్తుంది కాబట్టి గట్టిదే. బొత్తాలతోనే చిక్కంతా. నొక్కినప్పుడు కాడ రబ్బరు గాస్కెట్ గుండా జారాలి. ఆ జారే క్షణంలో ఉప్పునీటి చుక్క లోపలికి దూరే వీలుంది. అందుకే చాలా కంపెనీలు నీటిలో బొత్తాలు నొక్కవద్దని రాసి ఇస్తాయి. కొన్ని కంపెనీలు బొత్తాల మీద మర బిగించి తాళం వేస్తాయి. తాళం వేసిన బొత్తాం నీటిలో నొక్కడానికి ఉండదు కదా! బ్రైట్‌లింగ్ తన అవెంజర్ సీవుల్ఫ్ క్రోనోగ్రాఫ్‌లో డబ్బా గోడకు కన్నమే లేకుండా, లోహం గుండా అయస్కాంతంతో ఆజ్ఞ పంపే పద్ధతి పెట్టింది. ఈ పేచీకి నేను ఎరిగిన జవాబుల్లో అదే సూటిది.

మరి డైవర్‌కు క్రోనోగ్రాఫ్ ఎందుకు? నిజానికి అడుగున గడిపే సమయానికి బెజెల్ చాలు. సెకన్లు కావలసింది పైకి వచ్చేటప్పుడు. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా ఎక్కాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. నీటిలో పనిచేసే బొత్తాలు ఉంటే అక్కడ అది అక్కరకొస్తుంది. పడవ మీద ఉన్నవాడికి ఇంకా ఎక్కువ అక్కర. దిగినవాడి సమయం కాపు కాసేది అతనే. ప్రాణం సంగతి వచ్చేసరికి మాత్రం నేను మొగ్గేది బెజెల్ వైపే. కన్నం లేనిది, బ్యాటరీ అక్కర్లేనిది, చేతి తొడుగుతో కూడా తిప్పగలిగేది. డైవ్ కంప్యూటర్లు వచ్చిన ఈ రోజుల్లో కూడా అవి మొరాయిస్తే ఆదుకునే రెండో సాక్షిగా చాలామంది డైవర్లు ముళ్ల గడియారాన్ని వదల్లేదు.

దుకాణంలో ఒక తేడా గమనించాలి. బెజెల్ మీద 400, 300, 240 అంటూ దిగుతూ 60 దగ్గర ఆగే అంకెలుంటే అది టాకీమీటరు. అనకాపల్లి వైపు జాతీయ రహదారి మీద ఒక కిలోమీటరు రాయి దగ్గర బొత్తాం నొక్కి, తర్వాతి రాయి దగ్గర ఆపితే, 45 సెకన్ల దగ్గర ముల్లు 80 చూపిస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమన్నమాట. కారుకు బాగుంది, సముద్రానికి కాదు.

‘30 మీటర్లు’ అని రాసిన వాచీతో 30 మీటర్లు దిగవచ్చని అనుకోవడం ఇంకో పెద్ద అపార్థం. అది చేతులు కడిగేటప్పుడు పడే తుంపర్లకు, చినుకులకు మాత్రమే. ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం పాటించిన వాటి మీదే ‘డైవర్స్’ అనే మాట లోతుతో కలిపి రాయాలి. ఆ ప్రమాణం కనీసం 100 మీటర్లు అడుగుతుంది. చెప్పిన లోతుకు నూటికి పాతిక వంతులు అదనపు పీడనంలో పరీక్షిస్తుంది. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం చదవగలగాలి, గడియారం నడుస్తోందని కూడా చీకట్లో తెలియాలి. అందుకే సెకన్ల ముల్లుకు వెలుగు చుక్క పెడతారు. ఆ వెలుగును మన దుకాణాల్లో ఇప్పటికీ రేడియం అనే అంటారు గానీ, అసలు రేడియం ఎన్నడో పోయింది. ఇప్పుడున్నది స్ట్రాన్షియం అల్యూమినేట్, హాని లేనిది, దీపం కింద పెడితే వెలుగు తాగి గంటల తరబడి వదులుతుంది. డబ్బా 42, 44 మిల్లీమీటర్లు ఉండటమూ చదవడానికే. మగతనానికి గుర్తుగా ప్రకటనలు అమ్ముకుంటున్నాయి గానీ, మసక నీటిలో ఆడ డైవర్‌కైనా మగ డైవర్‌కైనా పెద్ద అంకె కావాలి.

నిస్తార్ లాంటి ఓడల మీద 300 మీటర్లకు దిగేవాళ్ల కథ వేరు. వాళ్లు రోజుల తరబడి పీడన గదిలోనే ఉంటూ హీలియం కలిసిన గాలి పీలుస్తారు. అతి చిన్నదైన హీలియం పరమాణువు గాస్కెట్లలోంచి గడియారంలోకి దూరిపోతుంది. పీడనం తగ్గించేటప్పుడు బయటికి దారి దొరక్క అద్దాన్ని ఊడగొడుతుంది. 1967లో రోలెక్స్ సీ-డ్వెల్లర్‌కు పక్కన చిన్న కవాటం పెట్టి హీలియంను బయటికి వదిలే దారి చూపింది. జపాన్‌లో వేరే దారి తొక్కారు. 1968లో హిరోషిమా దగ్గరి కురే నుంచి ఒక డైవర్ సైకో కంపెనీకి ఉత్తరం రాశాడు, మీ గడియారాలు మా పనికి తట్టుకోవడం లేదని. కురే కూడా విశాఖ లాంటిదే: నౌకాదళం, ఓడల కార్ఖానా, ఉక్కు మిల్లు పక్కపక్కనే పెరిగిన రేవు పట్టణం. కంపెనీ ఆ ఉత్తరాన్ని పక్కన పడేయలేదు. ఏడేళ్లు కష్టపడి 1975లో వెనక మూతే లేని టైటానియం డబ్బా, అడ్డకోత ఎల్ ఆకారంలో ఉండే గాస్కెట్‌తో 600 మీటర్ల గడియారం చేసింది. హీలియంను బయటికి పంపడం కాదు, లోపలికే రానివ్వలేదు. పనిచేసే మనిషి మాటకు విలువనిస్తే పనిముట్టు ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు దీన్ని మించిన ఉదాహరణ తెలియదు.

ఉక్కు గురించి ఒక మాట. మన స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చే ఇనుము ఇళ్లకూ వంతెనలకూ కమ్మీలవుతుంది. వాచీ డబ్బాకు వాడేది సాధారణంగా 316ఎల్ స్టెయిన్‌లెస్ రకం. క్రోమియం, నికెల్‌తో పాటు కొంచెం మాలిబ్డినం కలుపుతారు. ఉప్పు కొరికే గుంటల నుంచి కాపాడేది ముఖ్యంగా ఆ చివరి దినుసే. అయినా చైను మడతల్లో చెమట, ఉప్పు పేరుకుంటే ఇదీ మచ్చపడుతుంది. బీచ్ రోడ్డు గాలి ఎంత ఉప్పుదో ఇక్కడి కిటికీ ఊచల్ని అడిగితే చెబుతాయి.

ఉక్కు నిలిచినా రబ్బరు నిలవదు. గాస్కెట్లు ఏళ్ల మీద గట్టిపడి చిట్లుతాయి. సెల్ మార్చేటప్పుడు మూత తెరిచి, పాత గాస్కెట్‌నే గ్రీజు లేకుండా మళ్లీ బిగిస్తే, డయల్ మీద 200 అంకె ఉన్నా ఆ వాచీ తలస్నానానికి కూడా పనికిరాకపోవచ్చు. వేడినీళ్లు, సబ్బు ఆ చేటును ఇంకా తొందరచేస్తాయి. సముద్రంలోంచి వచ్చాక మంచినీళ్లతో కడగాలి, బెజెల్ తిప్పుతూ కడిగితే కింద ఇసుక పోతుంది. చెయ్యి తడిగా ఉండగా కీ లాగకూడదు. వెనక మూత ఏ పనికి తెరిపించినా కొత్త గాస్కెట్ వేయించి, ప్రెషర్ టెస్ట్ చేయించి, ఆ తర్వాతే ఋషికొండ నీళ్లలోకి దిగాలి.