నది లేని రాజధాని: క్రీడాభిరామం, చెరువు శాసనాలు

మధ్యయుగ నగర జీవితాన్ని నది ఎట్లా తీర్చిదిద్దిందన్న ప్రశ్నకు తెలుగు కావ్యాల్లో సులభంగా దొరికే సమాధానం శ్రీనాథుని భీమఖండం. అందులో దాక్షారామ వైభవం సప్తగోదావరితో పెనవేసుకొని ఉంటుంది. ఓరుగల్లు దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్నే తడబడుతుంది. గోదావరి, కృష్ణా పరీవాహకాల నడుమ మెట్టనేల మీద వెలసిన ఈ కాకతీయ రాజధానికి మహానదీ తీరం లేదు. ఇక్కడ నది చేయవలసిన పనిని చెరువు చేసింది. అయితే భీమఖండం వంటి కావ్యం చెరువుకు ఎందుకు దక్కలేదు?

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామాన్ని (కర్తృత్వం శ్రీనాథునిదన్న వాదం వేరే చర్చ) ఈ దృష్టితో చదవాలి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. వేశ్యవాటిక, మైలారుదేవుని గుడి, ఏకవీర ఆలయం, కోడిపందెం, పల్నాటి వీరుల గాథాగానం వారికి ఎదురవుతాయి. స్నానఘట్టం చుట్టూ అల్లుకొన్న నగరం కాదిది, వీధుల చుట్టూ అల్లుకొన్న నగరం. పూటకూళ్ల ఇంట్లో రూకకు దొరికే భోజనంలో కర్పూరభోగి అన్నం, నెయ్యి, అరటిపండ్లు, ఊరగాయలు, పెరుగు ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) తరువాత ఈ కావ్యాన్ని ఆచారాల, ఆహారాల పట్టికగా చదవడం అలవాటైంది. ఆ పఠనం విలువైనదే, కాని విస్తరి దగ్గరే ఆగిపోతుంది. మెట్టనేల నగరంలో వరి అన్నం అంత మామూలుగా వడ్డించారంటే దాని వెనుక తూములు, కాలువలు, కట్టలు ఉండాలి. కావ్యంలో చెరువు నీరుగా కాక అన్నంగా ప్రవేశించింది.

నీరుగా అది కనిపించేది శాసనాల్లో. పాకాల చెరువు కట్టించినవాడు గణపతిదేవుడు (1199-1262) కాదు, ఆయన కాలపు జగదాల ముమ్మడి. నేటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో చెరువు తవ్వించినది గణపతిదేవుని సోదరి మైలమ. వెన్న మొదలుగా కాకతీయ పూర్వీకుల వంశక్రమం చరిత్రకారులకు తెలిసింది ఆ చెరువు శాసనం వల్లనే. ఒక రాజవంశపు వంశావళి చెరువు దగ్గర దొరకడం యాదృచ్ఛికం కాదు. నదికి దాత ఉండడు గనుక దానికి మాహాత్మ్యం చాలు. చెరువుకు దాత, వంశం, దశబంధ మాన్యం, ఏటేటా కట్ట మరమ్మతు చూసే మనుషులు కావాలి. అందువల్ల నది పురాణాన్ని పుట్టిస్తే చెరువు శాసనాన్ని పుట్టించింది. శాసనాన్ని కేవలం చారిత్రక ఆధారంగా వాడుకొని సాహిత్య చరిత్ర గడప బయట నిలబెట్టడం వల్లనే చెరువుకు సాహిత్యం లేదన్న భ్రమ కలుగుతున్నది.

మైలమ తన చెరువుకు పెట్టిన పేరు ధర్మకీర్తిసముద్రం. అష్టాదశ వర్ణనల పట్టికలో నగరం వెంటనే వచ్చేది సాగరం. నదికి ప్రత్యేక స్థానం లేదు. గణపసముద్రం, ధర్మకీర్తిసముద్రం వంటి పేర్లలో సముద్రం లేని సీమ తన నగరానికి కావలసిన సాగరాన్ని తానే తవ్వుకొన్నది. జలక్రీడలు మాత్రం శాసనకవికి అవసరం కాలేదు, అది వేరే సంగతి.

బయ్యారపు ధర్మకీర్తిసముద్రం వేరు, హనుమకొండ పక్కనున్న ధర్మసాగరం వేరు. ఈ రెండవదానికీ, స్టేషన్ ఘన్‌పూర్ జలాశయానికీ ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు వస్తున్నది.