అద్దము త్రాగు నీరు

క్రొయిడనులోని మా అమ్మాయి యింటికి వెళ్లిన రెండవ వారమున, ఒక ఉదయము, వీధిలో చిన్న వ్యాను ఒకటి ఆగినది. అందుండి దిగిన మనిషి నిచ్చెన గాని బకెట్టు గాని లేకయే, ఒకదానిలో నొకటి యిమిడి సాగునట్టి నల్లని గడ నొకదానిని చేతబట్టి, దాని కొసనున్న బ్రష్షుతో మేడమీది కిటికీలను తోమ నారంభించెను. బ్రష్షు నడుమనుండి సన్నని ధారలుగా నీరు చిమ్ముచుండెను. పదినిమిషములలో పని ముగించి, అద్దములనుండి నీరింకను బొట్లుబొట్లుగా కారుచుండగనే, తుడుపుగుడ్డ యన్న మాటయే యెత్తక గడను ముడిచికొని తన దారిని తాను పోయెను. కూలి పుచ్చుకొని పని సగములో వదలినాడని నాకు కష్టము తోచి, పాతపంచె ముక్క యొకటి తీసికొని బయలుదేరితిని. మా అమ్మాయి వంటింటిలోనుండియే, “నాన్నా, తుడవకండి, అదే ఆరిపోతుంది” అన్నది. ఆరిపోవుట నాకును తెలియును; ఆరినపిమ్మట మిగులు మరకల మాటయే నా విచారము. పట్టుదలకొలది క్రింది గది కిటికీ కుడిరెక్కను మాత్రము పెరటి కుళాయినీటితో మరల కడిగి, ఆ మనిషి వలెనే తుడువక వదలితిని. అరగంట గడచునప్పటికి తక్కిన అద్దములన్నియు అద్దము లేనట్లే యుండెను. నేను కడిగినది మాత్రము ముగ్గుపిండి చిలికినట్లు తెల్లని చుక్కలతో నిండియుండెను.

నీటిలో నీరు గాక మరియేమో కలదని ఆ చుక్కలు చెప్పుచున్నవి. లండను పరిసరములలో భూగర్భమంతయు సుద్దరాతి పొరలు. ఆ పొరలలో ఊరి వచ్చు నీరు సున్నపు లవణములను, మగ్నీసియపు లవణములను కరిగించికొని కంటి కగపడకుండ మోసికొని వచ్చును. నీరు గాలిలో కలిసిపోవునుగాని, అది మోసికొని వచ్చిన మూట అద్దము మీదనే దిగవిడువబడును. ఈ సంగతి మన యాడువారికి రసాయనశాస్త్రము చదువకయే తెలియును. కందిపప్పు ఎంతసేపటికిని ఉడకని నీరు, సబ్బు నురుగు రాని నీరు, కాగుల అడుగున పెచ్చు కట్టు నీరు ఉప్పునీరని పేరుపడి వాడుకకే పరిమితమై, వంటకు మంచినీళ్ల బావి వేరుగా నుండెడిది. అయితే అద్దము విషయమున మన మంచినీళ్లును మంచినీళ్లు కావు. లీటరు నీటిలో కరిగియున్న పదార్థము 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలని మన దేశపు త్రాగునీటి ప్రమాణము చెప్పుచున్నది. అంతకు చాల తక్కువగా, 300 మాత్రమే యున్న నీటితో కడిగినను కిటికీ మచ్చలు పడక మానదు. మనుష్యుని నోటికంటె అద్దపు నోరు మిక్కిలి నియమముగలది. ఈ వృత్తివారి విద్య యంతయు ఆ నోటికి సరిపడు నీటిని ముందుగా సిద్ధపరచుటలోనే యున్నదని నేను పిమ్మట గ్రహించితిని.

ఇంగ్లండులో కిటికీలమీద 1696లో విధింపబడిన పన్ను 1851 వరకు నిలిచినది. గాజుమీది సుంకము 1845లోనే రద్దయ్యెను. ఈ రెండును తొలగిన పిమ్మట గోడలలో కిటికీలు విరివిగా తెరువబడుటయు, వానిని కడుగువాడు వీధివీధికిని ఒకడు తయారగుటయు సహజమే. అతని సరంజామా చిరకాలము నిచ్చెన, బకెట్టు, మెత్తని తోలుముక్క, నారగుడ్డ, ఇంతియే. ఇటలీనుండి అమెరికా వచ్చి ఓక్లండులో స్థిరపడిన ఎట్టోరె స్టెకోనె యనునతడు 1936లో పేటెంటు పొందిన తేలికపాటి ఇత్తడిపిడి రబ్బరు బద్ద, అనగా ఇప్పుడందరు స్క్వీజీ యనునది, ఆ గుడ్డల పనిని చాలవరకు తగ్గించెను. విచారించి చూడగా తోలుముక్క యైనను, నారగుడ్డ యైనను, రబ్బరు బద్ద యైనను చేయు పని యొక్కటే: నీరు ఆరకముందే దానిని అద్దము మీదినుండి తరిమివేయుట. ఆరనిచ్చినచో మచ్చ, కావున ఆరనీయరాదు. పాత పద్ధతి యంతయు నీటితో పరుగుపందెము. క్రొత్త పద్ధతి యా పందెమునే మానుకొన్నది. ఏమియు మిగుల్చకుండ ఆరిపోగల నీటిని తయారుచేసికొన్నచో తరుముట యెందులకు? ఎత్తునకెక్కి చేయు పనిని సాధ్యమైనంతవరకు తప్పింపవలెనని బ్రిటనులో 2005లో వచ్చిన నిబంధనలు నిర్దేశించుటతో, నేలమీద నిలిచియే పై అంతస్తును కడుగు ఈ గడ పద్ధతికి మిక్కిలి బలము చేకూరెను. నిచ్చెనమీదినుండి పడి నడుము విరిగిన కథలు ఆ వృత్తిలో ప్రతి ముసలివానివద్దను ఉండెడివట.

ఆ మనిషి నెలదినములకు మరల వచ్చినప్పుడు, నేను కడిగిన రెక్కను చూచి చిరునవ్వు నవ్వి, నా కుతూహలము గ్రహించి వ్యాను వెనుక తలుపులు తెరచి చూపెను. నీరు సిద్ధమగునది మాత్రము వ్యానులో కాదు, అతని యింటి కొట్టములో, రాత్రివేళ. అతడు చెప్పినదానిని బట్టి దాని క్రమమిది. కుళాయినుండి వచ్చిన నీరు మొదట వడపోత గొట్టములోనుండి పోయి మట్టిని, తుప్పును వదలును. ఇంతవరకు మనకును పాతవిద్యయే. బురదనీటి కడవలో చిల్లగింజ నరగదీసిగాని, పటికముక్క త్రిప్పిగాని నీటిని తేర్చుకొనుట మన పల్లెలలో ఎరుగనివారు లేరు. కాని చిల్లగింజయు పటికయు నీటిలో తేలు మలినమును అడుగునకు దింపగలవే గాని, నీటిలో కరిగి నీటివలెనే యైపోయిన సున్నమును ఏమియు చేయలేవు. తేటనీరు వేరు, శుద్ధజలము వేరు.

పిమ్మట బొగ్గు వడపోత. ఇది క్లోరిన్‌ను పట్టివేయును. దీనిని ఉపేక్షించినచో క్లోరిన్ దానికి తరువాత నున్న పలుచని పొరను తినివేసి, ఖరీదైన పరికరమును పాడుచేయును. ఆ పలుచని పొరయే ఆర్.ఓ. పొర. దాని పనిని తెలిసికొనుటకు మాగాయ జాడీని తలచుకొనుట చాలును. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి మూడుదినము లుంచినచో ముక్కలలోని నీరు బయటికి వచ్చి ఊట యగును. పలుచని పొరకు ఒకవైపున ఉప్పు అధికముగా నున్నచో నీరు ఆ వైపునకే పోవుట ప్రకృతి. ఆర్.ఓ. యనునది ఈ ప్రకృతిని బలవంతముగా వెనుకకు త్రిప్పుట. ఉప్పుగల నీటినే ఒత్తిడిపెట్టి నెట్టినచో నీరు పొరగుండ ఈవలికి వచ్చును, ఉప్పు ఆవలనే నిలిచిపోవును. ఆచరణకు పనికివచ్చునట్టి ఇట్టి పొరను 1960 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలీసు శాఖలో సిడ్నీ లోబ్ అనునతడును, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ గారును కలిసి సాధించిరి. సముద్రపునీటిని మంచినీరు చేయవలెనని పుట్టిన విద్య, కిటికీలు కడుగువాని కొట్టములోనికిని, మన వీధి మొగలలోని ఇరువది లీటర్ల క్యానుల అంగడికిని ఏకకాలమున దిగివచ్చినది.

ఈ పొర నూటికి తొంబదియైదు పాళ్లకు పైబడి లవణమును ఆపును. అనగా 300 ఉన్న నీరు పదికి అటునిటుగా దిగును. త్రాగువానికి ఇదియే అతిశుద్ధము, అద్దమునకు చాలదు. ఆ పదిని కూడ తుడిచిపెట్టుటకు రెజిన్ పూసల గొట్టము కావలెను. ఆవగింజలకంటె సన్నని ఈ పూసలలో రెండు జాతులు కలిసియుండును: ఒకటి సున్నము వంటి ధనకణములను పట్టుకొని వానికి మారుగా ఉదజనిని విడుచును, రెండవది ఋణకణములను పట్టుకొని హైడ్రాక్సిల్‌ను విడుచును, ఆ రెండును కలిసినచో మరల నీరే. మలినమును పుచ్చుకొని దానికి వెలగా నీటినే యిచ్చు ఇట్టి బేరము మరియెచ్చట నున్నది? ఇట్టి కృత్రిమపు రెజిన్లు మొదట 1935లో లండను ప్రక్కనే యున్న టెడింగ్టను పరిశోధనశాలలో ఆడమ్స్, హోమ్స్ అను నిరువురిచే తయారుచేయబడెను.

ఆ పనివాని జేబులో పెన్నువంటి మీటరొకటి యుండును. దానిని టి.డి.ఎస్. మీటరందురు. గొట్టము చివరి నీటిలో ముంచినచో అది సున్న చూపవలెను. రాత్రి సున్న చూపిన తొట్టి ఉదయమున ఒకటో రెండో చూపినను అతడు కలవరపడడు; అది గాలిలోని బొగ్గుపులుసు వాయువు నీటిలో దిగుటచేత, వాయువు మచ్చ విడువదు. కాని మీటరు నమ్మదగినంత తెలివిగలది కాదు. విద్యుత్తు ప్రవహించు తీరును బట్టి అది లెక్క చెప్పును. ఇసుకకు మూలమైన సిలికా నీటిలో కరిగియున్నను అది దాదాపు గుర్తింపదు. రెజిన్ అలసినప్పుడు మొట్టమొదట తప్పించుకొని వచ్చునది ఆ సిలికాయే. అందుచే ఈ వృత్తిలో అనుభవముగలవాడు మీటరుతోబాటు ముక్కును కూడ వాడును. రెజిన్ అయిపోవచ్చినప్పుడు గొట్టమునుండి చేపల కంపు వచ్చునట. వ్యాను వెనుక ఖాళీ గొట్టమొకదానిని తెరచి ఆతడు నా ముక్కుకడ పెట్టెను. మచిలీపట్నము రేవున ఎండుచేపల గుట్టల నడుమ నిలిచినట్లయినది.

రెజిన్ ఒక్కటియే సున్నకు తేగలిగినప్పుడు ఆర్.ఓ. యెందులకని నేనడిగితిని. ఊరిని బట్టి, అని ఆతడనెను. గ్లాస్గో నగరమునకు 1859 నుండి లోక్ కాట్రిన్ సరస్సునీరు వచ్చుచున్నది. అది గట్టిరాళ్ల కొండలమీద పడిన వాననీరగుటచే దానిలో కరిగినది అత్యల్పము. అచ్చటివానికి రెజిన్ ఒక్కటియే చాలును. లండనులో అదే పని చేసినచో రెజిన్ కొన్నిదినములలోనే అలసి, సంపాదన యంతయు పూసల పాలగును. కావున స్థూలముగా నున్నదానిని ఆర్.ఓ. తీసివేయగా, మిగిలిన సూక్ష్మమును మాత్రమే రెజిన్‌కు అప్పగింతురు. ఇచ్చట చాలమంది పడు భ్రమ యొకటి చెప్పవలెను. ఇండ్లలో పెట్టుకొను సాఫ్టెనర్ యంత్రము నీటిని మెత్తబరచునుగదా, అదియే చాలదా యందురు. చాలదు. అది సున్నమును తీసి, దాని స్థానమున సోడియమును పెట్టును. పప్పు ఉడుకును, సబ్బు నురుగు వచ్చును. కాని మోత మోతయే, మూట మాత్రము మారినది.

వ్యానులో 500 లీటర్ల తొట్టి. అనగా అరటన్ను బరువు. దారిలో హఠాత్తుగా బ్రేకు వేసినచో ఆ బరువు ముందునకు దూకి మనిషిని నలిపివేయగలదు గనుక దానిని ఇనుపచట్రముతో వాహనపు ఎముకకే బిగింతురు. నీరు కుదుపులకు ఎగయకుండ లోపల అడ్డుపలకలుండును. పన్నెండు వోల్టుల చిన్న పంపు, దానికి వేరు బ్యాటరీ, చుట్టమీద వంద మీటర్ల సన్నగొట్టము. నేనొక లెక్క వేసితిని: ఆ తొట్టెడు నీటినుండి కొట్టములో తొలగింపబడినది సుమారు 150 గ్రాములు, గుప్పెడు సున్నము. ఆ గుప్పెడు కొరకే రాత్రి యంతయు పంపు నడిచినది. చలికాలమున రాత్రి చాలక మరునాటి పగలును కావలెను. 25 డిగ్రీల వెచ్చని నీటికి లెక్కకట్టిన ఆర్.ఓ. పొర, మంచుకు దగ్గరైన నీటిలో సగమే పనిచేయును.

ఈ పద్ధతిని నేను మెచ్చుకొనుచున్నాననుట స్పష్టమే. సబ్బు లేదు గనుక దానిని పట్టుకొని దుమ్ము మరల అంటదు. చట్రములు కూడ కడుగబడును. మనిషి నేలమీద నుండును. అయినను లోపములు లేకపోలేదు. ఏండ్లతరబడి సబ్బుతో కడిగిన అద్దమునకు మొదటి రెండు మూడు మారులు ఇది నప్పదు. పాత సబ్బు కరిగి కారి మచ్చలగును. ఇంటి లోపలి వైపున నీరు చిమ్మలేముగదా, అచ్చట నేటికిని రబ్బరు బద్దయే శరణ్యము. ఆ గడలు చాలవరకు కర్బనపు నారతో చేయబడుటచే విద్యుత్తీగెలకు తగిలినచో ప్రాణాపాయము. కాని వీనియన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి. ఆర్.ఓ. పొర లీటరు మంచినీరిచ్చుటకు లీటరునుండి మూడు లీటర్లవరకు ఉప్పునీటిని ప్రక్కకు త్రోసివేయును. నీటికి మీటరు లెక్కన సొమ్ము కట్టవలసినవాడగుటచే మా వ్యానువాడు ఆ నీటితో తోట తడుపుకొని, వాహనము కడుగుకొనునట. మన ఊళ్లలో అది తిన్నగా మురుగుకాలువ చేరుచున్నది.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు అద్దాల మేడలు ఎంత వేగముగా లేచినవో చెప్పనక్కరలేదు. ఆ ఎత్తులకు ఈ గడలు అందవు. త్రాళ్లకు వ్రేలాడు తొట్టిలో మనుష్యులు నిలిచి రబ్బరు బద్దలతోనే తుడువవలెను. కాని బోరునీటితో కడిగి, ఎండకు క్షణములో ఆరిపోగా పేరుకొన్న తెల్లని పెచ్చులను ఆమ్లముతో గోకించుకొనుటకంటె, శుద్ధజలమును మేడమీదనే సిద్ధపరచుకొనుట మేలు. అట్లు చేయదలచిన యాజమాన్యములకు నా విన్నపము ఒక్కటియే. యంత్రమును కొనుటకు ముందే, అది త్రోసివేయు నీటికొక వేరు తొట్టి కట్టించి, దానిని మరుగుదొడ్లకును నేలలు కడుగుటకును గొట్టము వేయింపుడు. అద్దము కొరకు ఒక బిందె సిద్ధము చేయుచు, ట్యాంకరు కొరకు కడవలతో వేచియుండు వీధి ప్రక్కన మూడు బిందెలు పారబోయుట తగదు.